దజీజ్‌లో పక్కపక్క షెడ్లు

శుక్రవారం సెలవు మధ్యాహ్నం రెండు గంటల వరకే కాబట్టి, జైతున్‌బీ ఆ ఉదయాన్ని నిమిషాల లెక్కన పంచుకుంది. ఎనిమిదింటికి తాను మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో వంట ముగించాలి, తొమ్మిదింటికి ఖైతాన్‌లో బస్సెక్కాలి, పదింటికి దజీజ్‌లోని ఒక షెడ్డులో పాడాలి. ఒక తెలుగు టీవీవారు అక్కడ గాయనులను ఎంపిక చేస్తున్నారు. పేరు మూడుసార్లు పిలిచినా ఎదుట లేనివారికి మరో అవకాశం లేదు. పదకొండేళ్ల కువైట్ కొలువులో ఆమెకు దొరికిన అవకాశం ఇదొక్కటే.

దజీజ్‌లో షెడ్లన్నిటికీ ఒకే రంగు. ఒకదాని ముందు కెమెరా పెట్టెలు కనిపించగానే జైతున్‌బీ అదే అనుకుంది. గుమ్మంలో నిలబడిన అరబ్బు ఆమెను ఎగాదిగా చూసి, "పనిమనిషివా?" అని అడిగాడు.

ఆమె ఉన్నమాటే చెప్పింది. "అవును బాబా."

"యల్లా, లోపలికి," అన్నాడతను. ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసే అలవాటు ఆమెకు లేదు. "హాజిర్ బాబా," అని, సరేనన్నట్టు తలూపి వెంట నడిచింది.

లోపల దీపాల వెలుగులో, సోఫా మీద ఒళ్లంతా నగలతో ఒకావిడ కూర్చుని ఉంది. పరీక్షకు ఈవిడే పెద్ద కాబోలనుకుని జైతున్‌బీ గొంతు సవరించుకుంది. ఆవిడ విసురుగా లేచి వచ్చి, "నా ఉంగరం ఏది?" అంది.

జైతున్‌బీ తన సంచీని గట్టిగా పట్టుకుంది. ఏ ఇంట్లో ఉంగరం పోయినా మొదట వెతికేది ఎవరి సంచీయో ఆమెకు తెలుసు. "వల్లా, దేవుడి తోడు, నేను చూడలేదు మామా," అని ఏడ్చింది.

"మళ్లీ," అంది చీకట్లోంచి ఒక గొంతు. ఆవిడ మళ్లీ అడిగింది. జైతున్‌బీ మళ్లీ ఏడ్చింది. ఇంతలో సంచీలో ఫోను మోగింది. పాటల ఎంపిక దగ్గర ఆమె కోసం చూస్తున్న స్నేహితురాలు రేహానా.

"యాడుండావక్కా? నీ పేరు రెండు తూర్లు పిలిచినారు."

"ఈడనే ఉండా. ఏందో ఉంగరం పోయిందంట, నన్ను ఇడ్సడంల్యా."

"ఉంగరమేందక్కా? ఈడ అందరూ పాడతాంటే. నువ్వు పక్క షెడ్డులో దూరినట్టుండావు."

జైతున్‌బీ ఆలోచించింది. కాదన్నంతసేపూ అడుగుతూనే ఉంటారు. ఒప్పుకుంటే పోలీసులను పిలుస్తారు. వాళ్లు రావడానికి అరగంట పడుతుంది. పాటకు మూడు నిమిషాలు చాలు.

"మళ్లీ," అంది చీకటి.

"నేనే తీసినాను మామా. పక్క షెడ్డులో ఉంటాను. పోలీసులను అక్కడికే పంపండి."

ఆవిడ తన తర్వాతి మాట మరచిపోయింది. చీకట్లోంచి దర్శకుడు లేచి వచ్చాడు. తాను రాసుకున్న సీరియల్‌లో పనిమనిషి అమాయకురాలనీ, ఈ దొంగే బాగుందనీ, ఈమె కోసం మరో పదిహేను భాగాలు పెంచుతున్నాననీ చెప్పి, ఆమె చేతిలో ఒప్పంద కాగితం పెట్టాడు. దాని మీద "చంద్రిక" అని ఉంది.

జైతున్‌బీ పరుగున పక్క షెడ్డుకు చేరేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. రేహానా పక్కన ఎవరో అమ్మాయి బిక్కమొహంతో నిలబడి ఉంది.

"నేను చంద్రికనక్కా, కడప. సీరియల్లో పనిమనిషి యేసానికి వచ్చినా. వీళ్లు నీ పేరు పిలిచి, నా పక్క చూసి యల్లా అన్యారు. హాజిర్ అన్యా. పాడమన్యారు. మామా బిడ్డను పండేసే పాట పాడినా."

"ఏమన్యారు?"

"నన్నే తీసుకున్యారు," అంది చంద్రిక, తప్పు చేసినదానిలా.

పేరు దిద్దుతాం గానీ మనిషిని మార్చలేమన్నారు టీవీవారు. అవతల దర్శకుడూ అదే మాట అన్నాడు.

పదకొండేళ్లుగా జైతున్‌బీ పనిచేసే ఇంట్లో ఒక్క చెంచా కూడా పోలేదు. సీరియల్ మొదలైన మర్నాడే మామా నగల అల్మారాకు తాళం వేయించింది.