ఎక్కిళ్ళ కమిటీ

ఆ రోజు పొద్దున పింగాణీ బాబాయి చేతిలో ఉన్నవి ఇవి: తండ్రి ఇచ్చిపోయిన కొట్టు ఒకటి, గడ్డి పరిచిన పెట్టెల్లోంచి తీసి బల్లమీద వరసగా పేర్చిన నూట నలభై కప్పులు, వాటికి సరిపడా సాసర్లు, సాయంత్రం నాలుగింటికి రావలసిన, ఇంతవరకు మొహమైనా చూడని హోటలు మనిషి, ఒక సెల్‌ఫోను, ఆ ఫోనులో అంతుపట్టని విషయం ఒకటి.

కొట్టు సగం ఖాళీగా పడి ఉందని బంధువులందరికీ తెలుసు. ఆ సగంలో ప్లాస్టిక్ బకెట్లు పెట్టాలని బావమరిదికి ఏడాదిగా కోరిక. "బావా, కప్పు కిందపడితే పగుల్తుంది, బకెట్టు కిందపడితే గెంతుతుంది. జనం ఏది కొంటారో నువ్వే చెప్పు" అని వచ్చినప్పుడల్లా అనేవాడు. కొత్తగా తెరిచే హోటలువాళ్ళు కప్పులన్నీ బాబాయి దగ్గరే తీసుకుంటే కొట్టు మొత్తం ఆయనదిగానే నిలుస్తుంది. లేకపోతే మర్నాటినుంచి సగంలో బకెట్లు గెంతుతాయి. భార్య ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి.

ఇక ఫోనులోని విషయం. ఆ బజారులోని కొట్లవాళ్ళూ, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ కలిసి నాలుగు వందల మంది ఉన్న గ్రూపు ఒకటుంది. పేరు ‘కష్టసుఖాలు’. రిటైరైన పోస్టుమాస్టరుగారు దాన్ని నడుపుతున్నారు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అందులో చెప్పుకోవచ్చు. మిగతావాళ్ళు సలహా ఇవ్వాలి, సలహా లేకపోతే సానుభూతైనా ఇవ్వాలి. పోయిన వారం బాబాయి అందులో, వ్యాపారం మందగించిందనీ, హోటలు ఆర్డరు రాకపోతే సగం కొట్టు పోతుందనీ గుండె విప్పి రాసుకున్నాడు. మూడు నమస్కారం బొమ్మలు వచ్చాయి. ‘ధైర్యంగా ఉండమ్మా’ అని ఒకటి వచ్చింది కానీ, అది అంతకుముందు పంటినొప్పి అని రాసినావిడకి. అదే రోజు డ్రాయింగు టీచరమ్మ తన మోచేయి దురదపెడుతోందని రాస్తే తొంభై ఆరుగురు పరిగెత్తుకొచ్చారు.

బాబాయికి అసూయ కలగలేదు, ఆశ్చర్యం కలిగింది. ముప్పై ఏళ్ళుగా బజారులో కూర్చున్న మనిషి. తన కొట్టు ముందు ఈగలు ముసిరి, పక్క కొట్టు ముందు జనం ముసిరితే, అక్కడ ఏం అమ్ముతున్నారో కనుక్కునేదాకా ఆయనకు కాలు నిలవదు. సగం కొట్టు పోవడం పెద్ద కష్టమా, మోచేతి దురద పెద్ద కష్టమా? జనం దేన్ని ఏ తక్కెడలో తూస్తున్నారు? తెలుసుకోవాలంటే చిన్న సరుకొకటి దించి చూడాలి. కొట్టు తెరుస్తూనే లేని కష్టం ఒకటి రాసి పంపాడు: "రెండు రోజులుగా ఎక్కిళ్ళు ఆగడం లేదు. ఎవరికైనా ఏమైనా తెలుసా?"

తర్వాత కప్పులు పరీక్షించే పనిలో పడ్డాడు. పింగాణీ పరీక్ష కంటితో అయ్యేది కాదు, చెవితో అయ్యేది. కప్పును అరచేతిలో నిలబెట్టి అంచు మీద గోటితో మీటాలి. గట్టి కప్పు గంటలా మోగుతుంది. కంటికి కనపడని బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. నాలుగో కప్పు మీటేసరికి మోత వినపడలేదు. పక్కన ఫోను అంతగా మోగుతోంది.

"పంచదార నాలిక కింద పెట్టుకోండి."

"తల కిందికి వంచి నీళ్ళు తాగండి."

"వద్దు, ముక్కులోకి పోతాయి. మా ఆయనకి పోయాయి."

"ఊపిరి బిగబట్టి నలభై లెక్కపెట్టండి."

"మా పెదనాన్న నలభై లెక్కపెట్టి పడిపోయాడు."

"పడిపోయాక ఎక్కిళ్ళు తగ్గాయా?"

"తగ్గాయి."

గంటలో నూట పద్దెనిమిది వచ్చాయి. బాబాయి కప్పులు వదిలేసి, నోరు తెరుచుకుని చదువుతూ కూర్చున్నాడు. చివరికి పోస్టుమాస్టరుగారు తీర్పు చెప్పారు: "ఎక్కిళ్ళకు ఒకటే మందు, భయం. అది రోగికి ముందుగా తెలియకూడదు." దాంతో గ్రూపు ఒక్కసారిగా మూగబోయింది. ఎందుకు మూగబోయిందో బాబాయికి అర్థం కాలేదు.

పావుగంటలో అర్థమైంది. ఆరు సాసర్లు దొంతరగా పట్టుకుని నిచ్చెన దిగుతుండగా, ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన చేతులు ఊపుకుంటూ లోపలికి దూకాడు.

"బాబాయ్! నీ గోడౌను అంటుకుంది!"

తనకు గోడౌనే లేదన్న సంగతి, సాసర్లు నేల చేరాక గాని బాబాయికి గుర్తు రాలేదు.

"పోయాయా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన ఆత్రంగా.

"ఆరూ పోయాయి."

"సాసర్ల సంగతి ఎవరడిగారయ్యా? ఎక్కిళ్ళు!"

అక్కడే నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ బాబాయి మనసులో బేరీజు వేసుకున్నాడు. లేని ఎక్కిళ్ళు ఉన్నాయన్నవాడు బీటలున్న కప్పును గట్టిదనడని ఏం నమ్మకం? నాలుగు వందల మంది ముందు మాట పోవడంకంటే ఆరు సాసర్లు పోవడమే చవక. "పోయాయి" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన ఆ విజయాన్ని గ్రూపులో చాటుకున్నాడు. వెంటనే డ్రాయింగు టీచరమ్మ అడ్డుపడింది. తగ్గింది తను చెప్పిన పంచదారవల్లేనట. పంచదార తిన్నాడో లేదో ఎవరు చూశారని మరొకరు. తగ్గిన ఎక్కిళ్ళు తిరగబెట్టడం కద్దనీ, రెండు గంటలు మనిషిని కనిపెట్టి ఉండాలనీ పోస్టుమాస్టరుగారు తేల్చారు. ఆ బాధ్యత టీచరమ్మ తీసుకుంది. మడత కుర్చీతో సహా కొట్టుకొచ్చి బాబాయికి ఎదురుగా వేసుకుంది.

"మీ పని మీరు చూసుకోండి బాబాయిగారూ. నేను లేననుకోండి" అని ఆయన గొంతుకేసి చూస్తూ కూర్చుంది.

పన్నెండింటికి భార్య భోజనం క్యారేజీ పట్టుకొచ్చింది. ఆవిడా ఆ గ్రూపులో ఉంది. ఏమీ రాయదు, అన్నీ చదువుతుంది.

"ఏమండీ, రెండు రోజులుగా ఎక్కిళ్ళట! పక్కనే ఉన్నదాన్ని, నాకొక్కటీ వినపడలేదేం?"

టీచరమ్మ చటుక్కున ఇటు తిరిగింది. "వినపడలేదా మీకు?"

బాబాయి గొంతు బిగించి ఒక ఎక్కిలి తయారుచేశాడు. మొదటిసారి గనక అది కోడిపిల్ల అరుపులా వచ్చింది.

"ఇదుగో, ఇలాంటివే" అన్నాడు.

భార్య కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. "ఎక్కిళ్ళొస్తే ఎవరో తలుచుకుంటున్నారంటారు. రెండు రోజులు తెరిపి లేకుండా ఎవరండీ అంతగా తలుచుకుంటున్నది?"

"హోటలువాళ్ళయి ఉంటారు."

"వాళ్ళు అంతగా తలుచుకుంటే ఈపాటికి ఆర్డరిచ్చేవారు" అని క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. టీచరమ్మ ఫోనులో టకటకా కొట్టింది: "పన్నెండూ పదికి తిరగబెట్టాయి. నేను కళ్ళారా చూశాను."

ఇక ఆగలేదు. ఒకాయన వెనకనుంచి వచ్చి కాగితం సంచి ఊది పగలగొట్టాడు, రెండు కప్పులు పోయాయి. ఖాకీ చొక్కా వేసుకున్న మరొకాయన కొట్టుకు సీలు వేయడానికి వచ్చానన్నాడు, టీ కెటిలు మూత పోయింది. ప్రతివాడూ ముక్కలు ఏరి పెట్టి, ఎంతో బాధపడి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి మరీ వెళ్ళాడు. మధ్యలో బావమరిది టేపు పట్టుకొచ్చి ఖాళీ సగాన్ని కొలిచి, "బావా, సాయంత్రం దాకా ఆగమంది అక్క. రేపు పొద్దున్నే బకెట్లు దించుతున్నా" అన్నాడు. మరో రెండు కప్పులు జారాయి. అతను ఎవరూ పంపగా వచ్చినవాడు కాదు. నిజంగానే కొలవడానికి వచ్చాడు.

మూడింటికి టీచరమ్మ క్లాసుందని లేచింది. కళ్ళజోళ్ళాయన జాలిపడి చీపురు తెచ్చి ముక్కలు ఊడుస్తూ, తన ఫోను బల్లమీద పెట్టాడు. అది వెలిగింది. బాబాయి చూడకూడదనుకుంటూనే చూశాడు. ‘ఎక్కిళ్ళ కమిటీ’ అని వేరే గ్రూపు, అందులో అరవై మూడు మంది. అన్నిటికంటే కింద పోస్టుమాస్టరుగారి ఉత్తర్వు: "చిన్న చిన్న భయాలకు లొంగడం లేదు. ఆయనకున్న అసలు భయం ఆ హోటలు ఆర్డరే. పోయిన వారం రాశాడు పాపం. నాలుగింటికి మా తమ్ముణ్ణి హోటలు మనిషిలా పంపుతున్నాను, ఆర్డరు రద్దయిందని చెప్తాడు. సన్నగా, కళ్ళజోడుతో, చేతిలో సంచితో ఉంటాడు. బాబాయి ఎప్పుడూ చూసి ఎరగడు."

బాబాయికి కోపం రావలసింది, రాలేదు. ‘పోయిన వారం రాశాడు పాపం’ దగ్గరే ఆయన చూపు ఆగిపోయింది. చదివారన్నమాట! మూడు నమస్కారాలే వచ్చినా అందరూ చదివారు. మరి ఎందుకు పలకలేదు? ఆ ముడి విడలేదు కానీ ధైర్యం మాత్రం వచ్చింది. రానీ ఆ తమ్ముణ్ణి! చేతిలో కప్పు వణకకుండా నవ్వి పంపుతాను, దాంతో ఎక్కిళ్ళు తగ్గాయని చెప్పి ఖాతా మూసేస్తాను అనుకున్నాడు.

మూడూ నలభైకి సన్నటి మనిషి వచ్చాడు. కళ్ళజోడుంది, చేతిలో సంచి ఉంది.

"నేను హోటలు తరఫున వచ్చాను" అన్నాడు.

"రండి రండి, మీకోసమే చూస్తున్నా" అన్నాడు బాబాయి, పెదాలు బిగబట్టి.

"ఒక చేదు మాట. మీ సరుకు వద్దనుకుంటున్నారు మావాళ్ళు. అవతలి వీధిలో ఇంకా తక్కువకిస్తామంటున్నారు."

బాబాయి పగలబడి నవ్వాడు. "ఇంతేనా? ఇంకాస్త భయంగా చెప్పాలండీ! మొహంలో ఏదీ, ఆ కంగారేదీ?"

సన్నటాయన తెల్లబోయాడు. "అంటే... మీకు మా ఆర్డరు అక్కర్లేదా?"

"అక్కర్లేదు! అవతలి వీధిలోనే తీసుకోండి. వాళ్ళ కప్పులకి మూడు నెలల్లో పిడులూడి చేతికొస్తాయి. పిడి మీ దగ్గరుంటుంది, కాఫీ గిరాకీ ఒళ్ళో ఉంటుంది. నా కప్పు చూడండి!" అంటూ ఊపు మీద చేతిలో కప్పును బల్లమీద టక్కున బోర్లించాడు. అది చెక్కుచెదరలేదు. "పొద్దుట్నుంచి బజారంతా వచ్చి బెదిరించింది. నా చెయ్యి వణుకుతోందేమో చూసి మీ అన్నగారికి చెప్పండి!"

"మా అన్నయ్యకి కప్పులతో ఏం పనండీ?" అని ఆయన ఆ కప్పు అందుకున్నాడు. అరచేతిలో నిలబెట్టాడు. కళ్ళు మూసుకుని, అంచు మీద గోటితో మీటి, మోత ఆగేదాకా విన్నాడు. రెండోది తీసి మీటాడు. మూడోది.

బాబాయి నవ్వు మెట్టుమెట్టుగా దిగిపోయింది. పొద్దుటినుంచి ఇంతమంది వచ్చారు, ఒక్కడూ కప్పు మీటి వినలేదు. పోస్టుమాస్టరుగారి తమ్ముడికి ఈ విద్య ఎవరు నేర్పుతారు? ఆయన గడ్డి పెట్టె మీద కూలబడ్డాడు.

"బాగా మోగుతోంది" అన్నాడు సన్నటాయన కళ్ళు తెరిచి. "ఏమీ అనుకోకండి. సరుకు వద్దనడం బేరంలో నేను మొదట వేసే ఎత్తు. ఎవరికి చెప్పినా కాళ్ళావేళ్ళా పడతారు, దాంతో సరుకు సంగతి నాకు తెలిసిపోతుంది. నవ్వినవాణ్ణి మిమ్మల్నే చూశాను. ఏడాదికి సరిపడా రాసుకోండి. పై అంతస్తుకూ మీవే కావాలి."

బాబాయి సంతోషంగా నోరు తెరిచాడు. "హిక్" అని వచ్చింది. ఈసారి కోడిపిల్లలా లేదు.

సరిగ్గా నాలుగింటికి, హోటలాయన కాగితం మీద సంతకం పెడుతుండగా, ఇంకో సన్నటి మనిషి సంచితో పరిగెత్తుకొచ్చాడు. "ఘోరం జరిగిపోయిందండీ! మీ ఆర్డరు రద్దయింది! నేను హోటలు మనిషిని!"

హోటలాయన తలెత్తాడు. "ఏ హోటలండీ?"

వచ్చినాయన జేబులోంచి చీటీ తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఆ ముక్క అన్నయ్య రాయలేదు" అన్నాడు.

సాయంత్రం భార్య వచ్చి కాగితం రెండుసార్లు చదివింది. మొహం వెలిగిపోయింది. బాబాయి ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య జరిగిందంతా చెప్పి, పొద్దుటి అనుమానం అడిగాడు. "సగం కొట్టు పోతోందంటే... హిక్... పలకనివాళ్ళు ఎక్కిళ్ళంటే ఎందుకు వచ్చినట్టు?"

"ఇంత వ్యాపారం చేసి ఇది తెలీదా మీకు? కొట్టు నడవట్లేదంటే వాళ్ళ దగ్గరేముంది ఇవ్వడానికి? బాధపడి ఊరుకున్నారు. ఎక్కిళ్ళంటే ప్రతి ఇంట్లోనూ ఒక మందుంటుంది. ఆ గ్రూపులో అందరూ ఏదో ఒకటి ఇవ్వాలని కూర్చున్నవాళ్ళే. తీసుకునేవాడు దొరికితే వదుల్తారా?"

బాబాయి తల ఊపి ఫోను తీశాడు. "ఎక్కిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, బాగా ఎక్కువగా ఉన్నాయి" అని రాశాడు. ఒక్కరూ పలకలేదు. బావమరిది అప్పుడే "రేపు బకెట్లు దించాలి, పెట్టుకోడానికి చోటు లేదు" అని రాశాడట. రెండు వందల మంది తమ తమ వరండాలు కొలుస్తున్నారు.

రాత్రి కొట్టు కట్టేటప్పటి లెక్క ఇది. పోయినవి ఆరు సాసర్లు, నాలుగు కప్పులు, కెటిలు మూత ఒకటి. దక్కినవి పూర్తి కొట్టు, ఏడాది ఆర్డరు, జనం గురించి ఒక ఎరుక. ఎక్కిళ్ళు ఏ పక్క రాయాలో తేలలేదు, అవింకా వస్తూనే ఉన్నాయి.