దుబాయ్‌లో ఐదు గంటలు

ఆ మంగళవారం పొద్దున సాలోమోను అనుకున్న పని చాలా చిన్నది. ఆర్మూరు బస్టాండు ఎదురుగా ఉన్న గంగాకిషన్ ఎస్టీడీ బూత్‌లో దూరి, దుబాయ్‌లో ఉన్న భార్య రత్నవ్వకు ఒక్క మాట చెప్పి, ఎవరి కంటా పడకుండా పెర్కిట్‌లోని ఇంటికి వచ్చేయాలి. ఆ ఒక్క మాట ఏమిటంటే, శుక్రవారం మధ్యాహ్నం విమానాశ్రయం దగ్గరికి రమ్మని.

రత్నవ్వ దుబాయ్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయి నాలుగేళ్లయింది. సాలోమోను తాపీ మేస్త్రి. ఆమె వెనకాలే తానూ పోదామని పాస్‌పోర్టు తీశాడు గానీ, గల్ఫ్ మెడికల్ పరీక్షలో ఊపిరితిత్తుల మీద మచ్చ ఉందని రెండుసార్లు వెనక్కి పంపారు. ఇరవై ఏళ్లు సిమెంటు దుమ్ము పీల్చినవాడి రొమ్ములో మచ్చ కాక మల్లెపువ్వు ఉంటుందా. మూడోసారి పోవడం మానేశాడు. పాస్‌పోర్టు పెట్టె అడుగున, ఆమె పెండ్లిచీర కింద పడి ఉండిపోయింది.

అలాంటి సమయంలో పెర్కిట్ చర్చి పాస్టరు ప్రభుదాస్ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచాడు.

"కెన్యాల బీదపిల్లలకు బడి కడుతున్నరు. అన్ని దేశాలకెళ్లి విశ్వాసులు వస్తున్నరు. మనకెళ్లి ఒక మేస్త్రి కావాలె. డిసెంబరు మొత్తం ఆడనే, క్రిస్మస్ సుత ఆడనే. టికెట్ వాళ్లే పెడతరు. కూలి మాత్రం లేదు, ఇది దేవుని పని."

చర్చిలో మేస్త్రీలు నలుగురున్నారు. ముగ్గురు నేల చూశారు. సాలోమోను మాత్రం, "విమానం ఎట్లకెళ్లి పోతది అయ్యగారూ?" అని అడిగాడు.

"దుబాయ్ మీదికెళ్లి. ఆడ ఐదు గంటలు ఆగుతదంట."

సాలోమోను చెయ్యెత్తాడు. సంఘమంతా హల్లెలూయ అంది. పాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. సాలోమోను కళ్లు కూడా చెమ్మగిల్లాయి గానీ, ఆ చెమ్మకు కెన్యా పిల్లలతో సంబంధం లేదని అతనికీ దేవుడికీ మాత్రమే తెలుసు.

విమానం ఆగుతుందంటే, హైదరాబాదు బస్సు కామారెడ్డిలో ఆగినట్టే అనుకున్నాడు. దిగవచ్చు, చాయ తాగవచ్చు, మనిషిని కలవవచ్చు. అతనే కాదు, ఆర్మూరంతా అలాగే అనుకుంది. ఆ ఊళ్లో దుబాయ్ పోయినవాళ్లు వందల్లో ఉన్నారు. దుబాయ్ దాటి పోయినవాడు ఒక్కడూ లేడు.

బూత్ తలుపుకు గొళ్లెం ఊడి నెలయింది. సాలోమోను ఫోను పెట్టేసేసరికి గంగాకిషన్ గల్లా మీద మోచేతులు ఆనించి వింటున్నాడు.

"ఏందన్నా, దుబాయ్‌ల ఐదు గంటలు దిగుతున్నవా?"

"ఎవలకు చెప్పకు తమ్మీ."

"నాకేం పని. నేను చెప్తనా?"

మధ్యాహ్నం సాలోమోను అన్నం ముందు కూర్చున్నాడో లేదో, పక్కింటి శాంతవ్వ తొక్కుపచ్చడి డబ్బాతో గడపలో నిలబడింది. ఆమె భర్త బుచ్చన్న దుబాయ్ విమానాశ్రయంలోనే ఊడ్చే పని చేస్తాడు.

"ఒక్క డబ్బా తమ్మీ. నువ్వు మోసేది గూడ లేదు. ఆయన నీ కాళ్లకాడికే వస్తడు."

ఆమె వెనకాల గంగారాం ఉన్నాడు, కొడుకు నడుము నొప్పికి నూనె సీసాతో. గంగారాం వెనకాల వెంకవ్వ ఉంది, అల్లుడికి ఎండుచేపలతో. అందరిదీ ఒకే మాట, చిన్న పొట్లమని. సాలోమోను కాదని చెప్పడానికి నోరు తెరవబోతుండగా ప్రవళిక వచ్చింది. పెండ్లయిన రెండు నెలలకే ఆ పిల్ల మొగుడు ప్రవీణ్ పెయింటర్ పనికి పోయాడు. కూతురి మొహం ఫొటోలో తప్ప చూడలేదు. ఆమె చేతిలో పసిపిల్ల గౌను ఒకటి మడత పెట్టి ఉంది.

"ఉతకలేదన్నా. ఉతికితే పాప వాసన పోతది."

సాలోమోను దాన్ని రెండు చేతులతో అందుకుని చేతిసంచిలో పెట్టుకున్నాడు. దాన్ని తీసుకున్నాక ఎండుచేపలను కాదనడానికి మొహం చెల్లలేదు. బుధవారం సాయంత్రానికి పదకొండు మూటలయ్యాయి. పదకొండు మంది మగవాళ్లకు కబురూ పోయింది, శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడమని.

ముప్పై కిలోలకు మించితే విమానం వాళ్లు ఒప్పుకోరని పాస్టరు చెప్పాడు. పెట్టెను పసుపు మార్కెట్‌కు మోసుకుపోయి కాంటా మీద పెట్టారు. కాంటా వేసే భూమయ్య ముప్పై ఏళ్లుగా పసుపు బస్తాలు తూస్తున్నవాడు.

"ముప్పైనాలుగు. తరుగు నాలుగు. ముప్పై కిలోలు, సరిగ్గున్నది. తీస్కపో."

బస్తాకు తరుగు తీయడం ఆ మార్కెట్ అలవాటు. రైతుల మీద అన్నేళ్లుగా సాగిన ఆ లెక్క హైదరాబాదు విమానాశ్రయంలో సాగలేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి నాలుగు కిలోలు తీయమంది. సాగనంపడానికి వచ్చిన పాస్టరు పెట్టె తెరిచి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"దేవుని పనికి పోతున్నవా, ఆడ కిరాణం పెడుతున్నవా సాలోమోనూ?"

ఊరివాళ్ల మూటల్లో ఏది తీసినా ఒక ఇంటితో మాట పోతుంది. సాలోమోను తనవే తీశాడు. తాపీ, గోడ నిలువు చూసే తూకం గుండు, సుత్తె, మట్టం చూసే పట్టె. అన్నీ కలిపి సరిగ్గా నాలుగు కిలోలు. బడి కట్టడానికి పోతున్న మేస్త్రి చేతిలో ఇప్పుడు తొక్కు మాత్రం మిగిలింది.

"గీ పెట్టె దుబాయ్‌ల ఎక్కడ తీసుకోవాలమ్మా?" అని అడిగాడు.

"దుబాయ్‌లో ఇవ్వరండీ. నేరుగా కెన్యాలోనే. మీరు కూడా దుబాయ్‌లో బయటికి వెళ్లడానికి ఉండదు. లోపలే కూర్చోవాలి."

సాలోమోను తలూపి కాగితాలు అందుకున్నాడు. గల్ఫ్ డాక్టరు కూడా ఇంత మెత్తగా చెప్పలేదు.

దుబాయ్‌లో దిగి, ఏ తలుపు దగ్గరికి పోయినా పోలీసు చెయ్యి అడ్డం పెట్టగా, అతను ఒక అద్దం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గంట తర్వాత నీలం డ్రెస్సులో బుచ్చన్న చీపురు బండి తోసుకుంటూ వచ్చి, అతన్ని మొహం చూసి గుర్తుపట్టాడు.

"రత్నవ్వ బయటనే ఉన్నది తమ్మీ. మనోళ్లందరు ఉన్నరు. లోపటికి రానియ్యరు, నిన్ను పోనియ్యరు. జర ఆగు, ప్రవీణ్‌కు ఫోను కలుపుత."

సాలోమోను ముందు గౌను తీసి బుచ్చన్న చేతిలో పెట్టాడు. తర్వాత ఫోను అందుకున్నాడు. అవతల రత్నవ్వ గొంతు ఉంటుందనుకున్నాడు. ఉన్నది గంగారాం కొడుకు.

"అన్నా, నా నూనె తెచ్చినవా?"

"తెచ్చిన. పెట్టెల ఉన్నది."

"పెట్టె ఏడున్నది?"

"కెన్యాకు పోతున్నది."

"నా నడుము ఈడుంటే నూనె ఆడికెందుకన్నా?"

ఫోను చేతులు మారింది. ఒకడు అరిసెలడిగాడు. ఒకడు తల్లి ఏమన్నా చెప్పిందా అని అడిగి, చెప్పలేదంటే నమ్మక మళ్లీ అడిగాడు. వెంకవ్వ అల్లుడు చేపల గురించి రెండుసార్లు వాకబు చేశాడు. బుచ్చన్న బ్యాలెన్సు తరిగిపోతోంది. చివరికి ప్రవీణ్, "నాకేం అడిగేది లేదు, అక్కకు ఇయ్యున్రి" అని లాక్కుని ఆమెకిచ్చాడు.

"ఏమయ్యా, మంచిగున్నవా?"

"మంచిగున్న. నువ్వు?"

"ఉన్న. దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

సాలోమోను ఆనుకున్న అద్దం గోడను అరచేత్తో తడిమాడు. వాళ్లిద్దరి మధ్య నాలుగు గోడలుంటాయేమో. అన్నీ ఎవరో మేస్త్రీలు కట్టినవే.

"ఎదురుంగ చెప్దామని దాసిపెట్టిన," అంది ఆమె. "మా మేడం సెలవిచ్చింది. క్రిస్మస్‌కు ఇంటికి పోతున్న, ఇరవైకి. మల్ల జనవరి అయిదు నాడు..."

బ్యాలెన్సు అయిపోయింది. సాలోమోను తిరుగు టికెట్ తీసి చూశాడు. అదీ జనవరి అయిదే.

కెన్యాలో పనిముట్లు లేని మేస్త్రిని గోడ మీదికి ఎవరు ఎక్కిస్తారు. వంటశాలలో వేశారు. పదకొండు ఇండ్ల బెంగ అక్కడ పళ్లాల్లోకి పోయింది. కొరియా నుంచి వచ్చినవాళ్లు ఎండుచేపలను మెచ్చుకున్నారు. బ్రెజిల్ పిల్ల ఒకతె శాంతవ్వ తొక్కు నాలుక మీద పెట్టుకుని ఏడ్చింది. కారానికి ఏడ్చిందో, పండగపూట వాళ్లమ్మ గుర్తొచ్చి ఏడ్చిందో సాలోమోనుకు అర్థం కాలేదు గానీ, పక్కన కూర్చుని తానూ కళ్లు ఒత్తుకున్నాడు. క్రిస్మస్ నాడు గంగాకిషన్ బూత్‌కు ఫోను చేసి రత్నవ్వను పిలిపించాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త. నువ్వు లేని ఇంట్ల ఊడుస్తున్న. గోడలకు సున్నం లేదు, మేస్త్రి ఇల్లంట."

"వచ్చినంక ఏస్త."

"నువ్వు వచ్చెవరకు నేనుండ గదయ్యా," అంది ఆమె. అటువైపు గంగాకిషన్ కూడా ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

జనవరి అయిదున సాలోమోను మళ్లీ దుబాయ్‌లో దిగాడు. ఈసారి ఏ తలుపు దగ్గరికీ పోలేదు. ఒక బెంచీ మీద కూర్చుని కాళ్లు చూసుకుంటున్నాడు. హైదరాబాదు నుంచి విమానం వచ్చినట్టుంది, జనం సంచులతో ఆ హాల్లోంచే నడిచిపోతున్నారు. వాళ్లలో ఒక ఆడమనిషి నడక చూసి లేచాడు. నాలుగేళ్లయినా ఎడమకాలు కాస్త ఈడ్చే ఆ నడక మారలేదు.

దుబాయ్‌లో దిగేవాళ్లూ దుబాయ్ దాటేవాళ్లూ ఒకే హాల్లోంచి నడుస్తారన్న సంగతి ఆర్మూరులో ఎవరికీ తెలియదు. అక్కడ ఊడ్చే బుచ్చన్నకు తెలుసు గానీ, అతన్నెవరూ అడగలేదు.

"నువ్వా?" అంది రత్నవ్వ.

"కూసో," అన్నాడు సాలోమోను.

ఆమె కూర్చుంది. హైదరాబాదు పోయే విమానం వాళ్లు అతని పేరు మైకులో మూడుసార్లు పిలిచారు. అది తన పేరులా వినిపించలేదని తర్వాత పాస్టరుకు చెప్పుకున్నాడు.