ఎడమ కాలి కబురు

గురువారం పదకొండింటికి షోరూముకి వెళ్ళడం, రెండు కార్లూ నడిపి చూడడం, ఏదో ఒకటి ఖాయం చేసి ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి ములక్కాడల పులుసుతో భోజనం చెయ్యడం. పొద్దున ఇడ్లీల దగ్గర నాగేశ్వరప్రసాద్ చెప్పిన కార్యక్రమం ఇంతే.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో అతనిది స్టీలు సామాన్ల దుకాణం. యాభయ్యో ఏట అతని మనసు ఒక స్పోర్ట్స్ కారు మీద పడింది. ఎర్ర రంగు, పైన రెండు నల్ల చారలు, వెనక చిన్న రెక్క. అతని భార్య నాగరత్నానికి రంగూ నచ్చింది, రెక్కా నచ్చింది. పేచీ అంతా గేర్ల దగ్గరే.

"మాన్యువలే తీసుకుందాం. చేతికి గేరు రాడ్డు తగలకపోతే కారెక్కినట్టుండదు, లిఫ్టెక్కినట్టుంటుంది," అన్నాడు ప్రసాద్.

"ఆటోమేటిక్ అయితే హాయి కదండీ. రోజూ ఆ ట్రాఫిక్‌లో గేర్లు మార్చుకుంటూ ఏం కూర్చుంటారు?"

"హాయి కావాలంటే పడక్కుర్చీ కొనుక్కుందాం రత్నం. స్పోర్ట్స్ కారెందుకు?"

నాగరత్నం అతని ఇడ్లీల మీద ఇంకొంచెం చట్నీ వేసింది. మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. మూడు వారాలుగా, భర్త దుకాణానికి బయల్దేరగానే, ఆవిడ సామ్యేలు నడిపే డ్రైవింగ్ స్కూలుకి వెళ్తోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎక్కడికి వెళ్ళాలన్నా దుకాణం కట్టేదాకా కనిపెట్టుకుని కూర్చోవడమే సరిపోయింది. కడియం నర్సరీలో ఒక గులాబీ అంటు కొనుక్కోవాలన్నా ఆదివారం రావాలి. ఆదివారం వచ్చేసరికి ప్రసాద్‌కి నిద్ర వచ్చేది. ఒకసారి తనే నేర్పుతానని ధవళేశ్వరం కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. అరగంటలో ఇద్దరూ తిరిగొచ్చేశారు. తర్వాత మూడు రోజులపాటు అన్నం దగ్గర ఉప్పు అందించమని కూడా ఒకరినొకరు అడగలేదు. అందుకే ఈసారి చదువు రహస్యంగా సాగుతోంది.

సాగడమే గాని ఒంటబట్టడం లేదు. స్టీరింగు వచ్చింది. అద్దాలు చూసుకోవడం వచ్చింది. క్లచ్ మాత్రం రాలేదు. కాలు తీసేసరికి కారు కప్పలా గెంతి ఆగిపోయేది. "తొక్కడం అందరికీ వస్తదండమ్మగారూ, వదలడమే నేర్చుకోవాలండి. పాల మీద మీగడ తీసినట్టు మెల్లిగా వదలాలండి," అనేవాడు సామ్యేలు. మీగడ ఆవిడ రోజూ తీస్తూనే ఉంది. కారు రోజూ గెంతుతూనే ఉంది. ఇక ఆటోమేటిక్ ఒక్కటే దిక్కని ఆవిడ నిశ్చయానికి వచ్చేసింది.

షోరూములో నిరంజన్ అనే సేల్స్‌మన్ వాళ్ళని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెత్తని మనిషి. ప్రసాద్ లేచి వెళ్ళి ఎర్ర కారు వెనక రెక్కని నిమురుతుండగా నాగరత్నం ముందుకి వంగింది.

"మీతో ఒక్క మాటండి. మా వారికి ఎడమ మోకాలు బాగోదు. క్లచ్ తొక్కొద్దని డాక్టరు గారు చెప్పేరు. ఈయన వినిపించుకోరు. మీరే ఎలాగోలా ఆటోమేటిక్‌కి ఒప్పించాలి. నేను చెప్పినట్టు మాత్రం తెలియకూడదు."

ఆ మాట తన నోట్లోంచి అంత నున్నగా ఎలా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది. నిరంజన్ ముఖం చిన్నబోయింది. "అయ్యో, మా నాన్నగారికీ ఇంతేనండి," అన్నాడు.

అప్పటినుంచి అతను ప్రసాద్‌ని వదల్లేదు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. మోచేయి కింద చెయ్యి వేసి సీట్లో కూర్చోబెట్టాడు. కొనేవాణ్ణి ఎంత గౌరవిస్తున్నారో చూడమని ప్రసాద్ భార్యకి కళ్ళతోనే చెప్పాడు. మాన్యువల్ కారు నడుపుతున్నంతసేపూ, క్లచ్ తొక్కినప్పుడల్లా వెనక సీట్లోంచి "స్స్" అని చిన్న శబ్దం వినిపించింది. టైర్లలో గాలి చూసుకోమని ప్రసాద్ సలహా ఇచ్చాడు. తర్వాత ఆటోమేటిక్ ఎక్కారు.

"ఇందులో ఎడమ కాలికి పనే లేదండి సార్. దాని మానాన దాన్ని విశ్రాంతిగా ఉంచొచ్చు," అన్నాడు నిరంజన్ బతిమాలుతున్నట్టు.

"నా కాలికి విశ్రాంతెందుకయ్యా?" అన్నాడు ప్రసాద్ కొంచెం గట్టిగానే. ఆ రోజు ఏదీ ఖాయం కాలేదు. ఆలోచించుకుని చెప్తామని వచ్చేశారు.

నిరంజన్‌ది కడియం. ప్రసాద్ అక్క సూర్యకళ ఉండే వీధిలోనే అతని ఇల్లనీ, ప్రసాద్ ఆవిడ తమ్ముడని అతనికి తెలుసుననీ నాగరత్నానికి తెలియదు. తెలిసుంటే వేరే అవయవం ఏదైనా ఎంచుకునేది. ఆ సాయంత్రం నిరంజన్, పెద్దావిడ చెబితేనన్నా తమ్ముడు వింటాడేమోనని, వెళ్ళి సంగతంతా చెప్పాడు. నాగరత్నం పేరు మాత్రం చెప్పకుండా మాట నిలబెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే సూర్యకళ దుకాణానికి ఫోన్ చేసింది. పదిహేనేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న చిట్టియ్య ఎత్తాడు.

"చిట్టియ్యా, మా తమ్ముడి కాలెలా ఉంది?"

చిట్టియ్య తొంగి చూశాడు. ప్రసాద్ ఎప్పట్లాగే గల్లాపెట్టె వెనక ఎడమ కాలు మడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"మడిచే ఉందండి."

"ఎంతసేపట్నించి?"

"ఆయ్, పొద్దుట్నించీ అంతేనండి. చాపడం నేను చూళ్ళేదండి."

అవతల సూర్యకళ ఏడుపు ఎత్తుకుంది. ఆ ఏడుపు విని చిట్టియ్య భయపడ్డాడు. ఆ భయాన్ని పక్క బట్టల దుకాణం త్రిమూర్తులుతో చెప్పుకున్నాడు. త్రిమూర్తులుకి దొరికిన కబురు దొరికినట్టు ముందుకి పంపే అలవాటు లేదు. కొంచెం పెంచి పంపిస్తాడు.

మధ్యాహ్నం నాగరత్నం క్యారియర్ పట్టుకుని వెళ్ళేసరికి దుకాణం నిండా జనం. నలుగురు వ్యాపారులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. బల్ల మీద రెండు డజన్ల యాపిల్ పళ్ళు, పక్కన ఎవరో తెచ్చిన చేతికర్ర. త్రిమూర్తులు ప్రసాద్ భుజం మీద చెయ్యి వేసి ఓదారుస్తున్నాడు.

"దిగులు పడకండి ప్రసాద్ గారూ. తీసేసినా ఈ రోజుల్లో బ్రహ్మాండమైన కాళ్ళు పెడుతున్నారు. మా తోడల్లుడి బాబాయి పెట్టించుకుని పొలం వెళ్తున్నాడు."

గుమ్మంలోంచి ఒకావిడ లోపలికి తొంగి చూసింది. "దుకాణం ఎత్తేస్తున్నారటగా, ఇడ్లీ పాత్రలు సగానికిస్తారాండీ?"

ప్రసాద్ ముఖంలో నెత్తురు లేదు. "ఎవరు చెప్పారు? ముందు అది చెప్పండి, ఎవరు చెప్పారు?" అని కనబడ్డవాళ్ళందర్నీ అడుగుతున్నాడు. అది అబద్ధమని మాత్రం ఒక్కరితోనూ అనలేదు. నాగరత్నం ఆ సంగతి గమనించే స్థితిలో లేదు. క్యారియర్ అక్కడ పెట్టి, ఒక యాపిల్ పండు ఎందుకో చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేసింది. రాత్రికి ఒప్పేసుకుందామనుకుంది. కానీ సాయంత్రానికే కడియం బస్సులో సూర్యకళ దిగింది. ఆవిడ ఒక చేతిలో నూనె సీసా, ఇంకో చేతిలో కుంకుమ పొట్లం ఉన్నాయి.

"ఒరేయ్ తమ్ముడూ, కాలు నిలబడితే నీచేత కోరుకొండ మెట్లు ఎక్కిస్తానని నరసింహస్వామికి మొక్కేను. తగ్గేక ఎక్కుదువుగాని, తొందరేం లేదు."

"తగ్గేకేంటక్కా, రేపే ఎక్కుతాను," అన్నాడు ప్రసాద్ లేచి నిలబడి, దుకాణం తాళాలు తెచ్చిన చిట్టియ్య వైపు తిరిగి. "నా కాలు పోయిందన్న ప్రతివాడూ వచ్చి కింద నిలబడి చూడాలి. చిట్టియ్యా, త్రిమూర్తులు గారికి ఫోన్ చెయ్యి."

శనివారం తెల్లవారగానే ఊరేగింపులా బయల్దేరారు. పాత కారులో ప్రసాద్, నాగరత్నం, సూర్యకళ, చిట్టియ్య. వెనక రెండు స్కూటర్ల మీద త్రిమూర్తులూ, మిగతా ముగ్గురూ. కోరుకొండ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ప్రసాద్ పళ్ళు బిగించి, ఎక్కడా ఆగకుండా, చెమటలు కక్కుతూ ఎక్కాడు. సగంలో నాగరత్నం "చాల్లెండి, అందరూ నమ్మేరు," అని బతిమాలింది. అతను వినలేదు. దర్శనమయ్యాక అందరిముందూ ఎడమ కాలి మీద ఒంటికాలితో నిలబడి ఫోటో తీయించుకున్నాడు. త్రిమూర్తులు ఆ ఫోటోని వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

దిగేటప్పుడు అభినందనలు మొదలయ్యాయి. ప్రసాద్ ఫోన్‌లో అవి చదువుకుంటూ దిగాడు. ఇంకో రెండు మెట్లు ఉన్నాయనగా, అయిపోయాయనుకుని కాలు వేశాడు. ఎడమ కాలే. చీలమండ పక్కకి తిరిగి, అక్కడే కూలబడ్డాడు.

"నేను ముందునించీ చెబుతూనే ఉన్నాను," అన్నాడు త్రిమూర్తులు, బాధా తృప్తీ రెండూ కలిసిన గొంతుతో.

ఇప్పుడు కారు ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. వచ్చినవాళ్ళందరూ స్కూటర్ల మనుషులే. చిట్టియ్యకి సైకిలు తప్ప రాదు. అంబులెన్సుని పిలుద్దామని త్రిమూర్తులు ఫోన్ తీశాడు. అంబులెన్సు మెయిన్ రోడ్డులోకి వచ్చిందంటే ఈ కబురు ఇక ఎక్కడిదాకా పోతుందో నాగరత్నానికి కళ్ళకి కట్టింది.

"తాళాలు ఇలా ఇవ్వండి," అంది.

"నువ్వా?" అన్నాడు ప్రసాద్ నొప్పి మర్చిపోయి.

"మూడు వారాలుగా నేర్చుకుంటున్నాను. లెర్నర్ లైసెన్సు పర్సులో ఉంది. మీరు పక్కన కూర్చోండి, చాలు. ఎల్ బోర్డు లేకుండా మాత్రం కదలను."

సూర్యకళ కుంకుమ తడిపి, కొబ్బరికాయల అట్టపెట్టె చింపి, వేలితో రెండు ముక్కల మీద ఎర్రగా ఎల్ రాసింది. చిట్టియ్య వాటిని ముందూ వెనకా కట్టాడు. కారు గుడి ముందు మూడుసార్లు గెంతింది. మూడోసారికి త్రిమూర్తులు స్కూటరు దూరంగా తీసుకెళ్ళి పెట్టుకున్నాడు. నాలుగోసారి నాగరత్నం కళ్ళు మూసుకోబోయి, తెరిచే ఉంచి, కాలు మెల్లిగా, చాలా మెల్లిగా వదిలింది. కారు కదిలింది. ఊరు దాటాక రెండో గేరు పడింది. పొలాల మధ్యకి వచ్చేసరికి మూడోది కూడా పడింది. ఇంజను చప్పుడు మారి, బండి తేలిగ్గా ముందుకి జరిగినప్పుడు ఆవిడ వెన్నులో ఏదో జల్లుమంది. వెనక సీట్లో సూర్యకళ గోవింద నామాలు ఆపి కిటికీలోంచి చూడడం మొదలుపెట్టింది.

ప్రసాద్ గేరు రాడ్డు మీది ఆవిడ చేతినే చూస్తున్నాడు. నాగరత్నం గొంతు సవరించుకుంది.

"ఏవండీ, మీ కాలు బాగోదని నిరంజన్‌కి చెప్పింది నేనే. నాకు క్లచ్ రావట్లేదని, ఆటోమేటిక్ కొనిపిద్దామని కల్పించి చెప్పేను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

కోపం వస్తుందని ఆవిడ ఎదురుచూసింది. ప్రసాద్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"నువ్వా? నేను నిన్నట్నించీ ఆ డాక్టర్ని తిట్టుకుంటున్నాను."

"ఏ డాక్టరు?"

"మోకాళ్ళ డాక్టరు. ఆర్నెల్ల కిందట చూపించుకున్నాను. ఎడమ మోకాలు అరిగింది, క్లచ్ తగ్గించమన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని వచ్చాను. ఊరంతా పాకేసరికి ఆయనే బయటపెట్టాడనుకున్నాను."

నాగరత్నం కారు పక్కకి తీసి ఆపింది. ఈసారి గెంతలేదు.

"మరి మాన్యువల్ కావాలని ఆ పట్టేంటండీ?"

"ఆటోమేటిక్ కొంటే కాలు చెడిందని అందరికీ తెలిసిపోదూ?" అన్నాడు ప్రసాద్, కుంకుమ ఎల్ బోర్డు వైపు చూస్తూ. వెనక సీట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వాలని మాత్రం చిట్టియ్యకి చాలా ఉంది.

నెల తర్వాత, కాలికి కట్టుతోనే, ప్రసాద్ భార్యతో కలిసి షోరూముకి వచ్చాడు. నిరంజన్ పరుగున కుర్చీ తెచ్చాడు. ఆటోమేటిక్ కాగితాలు అప్పటికే బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

"నువ్వు చెప్పిందే నిజమయ్యా. ఆటోమేటిక్ ఇచ్చెయ్," అన్నాడు ప్రసాద్, బరువు దించుకున్నవాడిలా.

"కాదండి, మాన్యువలే," అంది నాగరత్నం. "మొన్న లైసెన్సు వచ్చింది. మూడో గేరు పడ్డప్పుడు ఆ చప్పుడు వినకపోతే నాకు తోచదు. ఎలాగూ నడిపేది నేనేగా."

నిరంజన్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, కాగితాలు మడిచి లోపల పెట్టి, వేరేవి తీశాడు. ప్రసాద్ అభ్యంతరం చెప్పబోయి, ఎడమ కాలు చూసుకుని, సంతకం పెట్టాడు.

కారు చేతికొచ్చిన రోజు నాగరత్నం దాన్ని కడియం దాకా తనే నడుపుకుంటూ వెళ్ళింది. దారి పొడుగునా ప్రసాద్ పక్క సీట్లో కూర్చుని కుడి కాలితో లేని బ్రేకుని గట్టిగా తొక్కుతూనే ఉన్నాడు. కారు మాత్రం ఎక్కడా ఆగలేదు.