ముప్పై ఒక్క అంగుళాల చక్రసంగ్రామము

స్వస్తిశ్రీ! రెండువేల యేడవ సంవత్సరమున, వానలు వెనుకపట్టి, కొల్లేటి నీరు గట్లంచున వెండిరేకువలె మెరయుచున్న కార్తీకమాసమున, గూడబాతులు ఆకాశమును రెక్కలతో దున్నుచుండగా, చేపల లారీలు ఐసునీటి ధారలతో ఆకివీడు, కైకలూరు మార్గములను తడుపుచు పోవుచుండగా, తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల గోదాముల ఘాటు దారినపోవువారి కన్నులను నిష్కారణముగా చెమర్చుచుండగా, ఓ పాఠకోత్తములారా, ఒకానొక మహావీరుడు రబ్బరుతో యుద్ధమునకు దిగెను. రాజ్యముల కొరకు జరిగిన యుద్ధములను మీరు పెక్కు విని యుందురు. రెండంగుళముల కొరకు జరిగిన యుద్ధమును ఇప్పుడు వినుడు.

ఆ వీరుని నామధేయము అబ్బాయిరాజు. ఏలూరు చెంత వట్లూరులో, కాలేజీలు వెలసిన పిమ్మట మొలచిన కొత్త కాలనీయందు రెండంతస్తుల మేడలో వసించు మత్స్యసంపదాధీశ్వరుడు, నలువదియారేండ్ల ప్రాయమువాడు, నల్లని ఎస్‌యూవీ అను రథరాజమునకు ఏకైక సారథి. క్రిందటి యేడు సర్కారువారు కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టించినప్పుడు అతని పన్నెండు చెరువులలో ఐదు సరస్సులో కలిసిపోయెను. ఆనాడు ఆ ధీరుడు పెదవి విప్పలేదు. ఇంటికి వచ్చి, పెరుగన్నము తిని, ఫ్యాను క్రింద పడుకొనెను. అట్టి స్థితప్రజ్ఞుడు బావమరిది నోట వెడలిన ఒక్క మాటకు నిద్రాహారములు మానెను!

ఆ మాట పుట్టిన స్థలము తాడేపల్లిగూడెము. అత్తగారు వీరరాఘవమ్మకు డెబ్బదియేండ్లు నిండిన శుభదినమున బంధుకోటి యెల్ల విస్తళ్ల ముందు కూర్చుండబోవు వేళ, ఆమె కుమారుడును రైసుమిల్లు యజమానియు అగు గోపీనాథ్ తన బండిని వాకిట నిలిపెను. అది అబ్బాయిరాజు బండికి కవల. అదే రంగు, అదే యేడు. కాని దాని పాదములయందు ముప్పై ఒక్క అంగుళముల ఎత్తున, మొసలి వెన్నువంటి గాట్లతో, బురదను కలలోనైన చూచి యెరుగని నిగనిగలతో నాలుగు మహాచక్రములు విరాజిల్లుచుండెను.

“ఏంటి బావగారూ, మీకింకా కంపెనీ టైర్లేనాండీ?” అనెను గోపీనాథ్, అందరు వినునట్లుగా. “ఇందాక మీరు మలుపులో వస్తుంటే దూరం నుంచి చూసి ఆటో అనుకున్నానండీ.”

బంధుకోటి నవ్వెను. వీరరాఘవమ్మ నవ్వెను. కటకటా! ధర్మపత్ని సువర్ణయు, చీరచెంగు అడ్డము పెట్టుకొనియే యైనను, నవ్వెను. ఆ పూట అబ్బాయిరాజు పూర్ణములు ముట్టలేదు.

మరునాటి ఉదయముననే రథము ఏలూరు నగరమున దేవకుమారి టైర్ల దుకాణము ముంగిట నిలిచెను. తండ్రి గతించిన నాటినుండి పదునాలుగేండ్లుగా ఆ దుకాణమును నడుపుచున్న దేవకుమారి ఆదివారములయందు చర్చిలో పాటలకు శ్రుతి ఇచ్చు వనిత. వీధి చివరనుండి వచ్చు బండి సడిని విని, దాని ఏ చక్రమున గాలి తరిగినదో చెప్పగల కర్ణేంద్రియము కలది. ఆమె భర్త ఏసోబు జాకీలను, పానాలను ఆడించు మితభాషి. ఆమె దర్జీ టేపుతో రథచక్రమును, దాని పైనున్న చక్రకుహరమును కొలిచి, లేచి నిలుచుండెను.

“ముప్పై ఒకటి వద్దండీ రాజుగారూ. మీకున్నవి ఇరవై తొమ్మిది. రెండంగుళాలు పెరిగితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బంపర్ వెనకంచుకి రాసుకుంటుందండీ. ముప్పై అయితే ఎలాగోలా సర్దుతానండీ.”

అంతట అబ్బాయిరాజు హృదయకుహరమున వీరరసము పొంగులువారెను. ‘అమ్మా! మదగజమునకు మేకకాళ్లు అతికింతువా? బంధుసభామధ్యమున నా రథమును ఆటోతో పోల్చిన ఆ దురహంకారి చక్రములకంటె ఒక్క అంగుళము తగ్గి నేను ఈ భూమండలమున ఏ ముఖముతో సంచరింతును? బంపరులు బ్రద్దలగుగాక! ఇనుము అరచుగాక! ముప్పై ఒకటియే నా శపథము!’ అని అతని అంతరంగము గర్జించెను. నోట వెడలినది మాత్రము ఇంతే:

“గోపీ బండికి ముప్పై ఒకటేనండీ. మాకూ అదే వెయ్యండి.”

“ఆయన బండికి రాసుకోవట్లేదాండీ?”

“రాసుకుంటే చెప్పడాండీ?”

దేవకుమారి ఏసోబు వంక చూచెను. ఏసోబు జాకీ వంక చూచెను.

“రిమ్ములు కూడా బయటికి పొడుచుకొచ్చేవి వెయ్యండి,” అనెను వీరుడు.

“బయటికొస్తే చక్రం ఇంకా పెద్ద గుండ్రం తిరుగుతుందండీ. ఇంకా ఎక్కువ రాసుకుంటుంది.”

“చూట్టానికి బావుంటుందిగదండీ!”

ఈ వాదమునకు ప్రపంచమున ప్రత్యుత్తరము లేదు. మధ్యాహ్నమునకు మహాచక్రములు నాలుగును బిగింపబడెను. రథము ఎత్తు పెరిగెను. వీరుని మెడయు పెరిగెను. పావంచాపై కాలూని, కొండనెక్కినట్లు ఎక్కి, అతడు బండిని వీధిలోనికి మలిపెను.

గర్ర్‌ర్‌ర్!

అది పిడుగు కాదు, సింహనాదము కాదు. ఎండిన సొరకాయబుర్రను గరుకుగోడపై గీచినట్టి నికృష్టధ్వని. దుకాణములో దేవకుమారి కన్నులు మూసుకొనెను. అబ్బాయిరాజు రేడియో పెంచెను.

ఆ సాయంకాలము ఆలుమగలు తమతో గూడెమునుండి వచ్చిన అత్తగారిని వెంటబెట్టుకొని బజారునకు వెడలిరి. మొదటి మలుపుననే సువర్ణ, “ఏవండీ, ఏదో రాసుకుంటుందండీ,” అనెను.

“కొత్త టైర్లు. అలవాటు పడాలి.”

ముందు సీటులో కూర్చున్న వీరరాఘవమ్మ రెండవ మలుపున చెవియొగ్గి, “అల్లుడుగారూ, లోపల ఎలకేమన్నా దూరిందేమోనండీ పాపం,” అనెను.

ఆ క్షణమునుండి నెలదినములు మహాయత్నములు సాగెను. చక్రకుహరములోని ప్లాస్టిక్ కవచమును తీగలతో వెనుకకు కట్టించెను, గర్ర్. చక్రముల వెనుక వ్రేలాడు మట్టి రేకులు కోయించెను; గర్ర్. రోడ్డుపక్క మెకానిక్కుచేత బండి ముందుభాగమును ఎత్తించెను. అది పడగ విప్పిన త్రాచువలె ఆకాశమును చూచుచు పరుగెత్తుచుండెనే గాని, మలుపులో మరల గర్రుమనెను. తుదకు స్టీరింగు పూర్తిగా తిరుగకుండ బిగింపించెను. ధ్వని ఆగెను. దానితోపాటు బండి తిరుగుటయు ఆగెను! మునుపు ఒక్క ఊపున దూరుచుండిన తన యింటి గేటులోనికి ఏడుమార్లు ముందునకు వెనుకకు ఆడించినగాని రథము ప్రవేశింపదయ్యెను. మేడమీద బట్టలారవేయుచు సువర్ణ, “ఆరయిందండీ... ఏడు,” అని లెక్కించుచుండగా ఇరుగుపొరుగువారు తమ తమ కిటికీల చెంత కుర్చీలు వేసికొనిరి. విసిగి ఆ బిగింపు తీయించెను.

అప్పటినుండి అతని బుద్ధి వింతదారులు పట్టెను. ఇరుకైన ఎడమమలుపులు తక్కువగానున్న మార్గములు వెదకి, రైల్వేస్టేషనునకు పోవుటకు నగరమంతయు ప్రదక్షిణము చేయసాగెను. నలుగురెక్కినచో స్పీడు బ్రేకరు వద్ద రాసుకొనును గనుక బంధువులను బరువును బట్టి ఎంచసాగెను. ఒక పెండ్లికి తాను బండిలో పోవుచు, అత్తగారిని రైలెక్కించెను. మనుష్యులను మోయుటకు కొనిన బండి కొరకు మనుష్యులను దించివేసిన ఆ త్యాగశీలికి, తాను చేయుచున్నదేమో తోచనైన తోచలేదు.

ఇట్లుండగా ఒక ఉదయమున కైకలూరు ఆవల అతని చెరువులో చేపలు పట్టిరి. లారీ నిండెను, ఐసు పడెను. అబ్బాయిరాజు ముందు బండిలో, లారీ వెనుక, ఒక్క బండి మాత్రమే పట్టు గట్టుమీద తారురోడ్డు వైపు బయలుదేరిరి. ఎదుట మేతబస్తాల ట్రాక్టరు వచ్చెను. దానికి దారి ఇచ్చుటకై, గట్టు కొంత వెడల్పైన చోట, వీరుడు స్టీరింగును పూర్తిగా ఎడమకు త్రిప్పెను. ముందుచక్రము గోతిలో దిగెను. అంతవరకు రాసుకొనుచున్న రబ్బరు ఈమారు కరచెను! ప్లాస్టిక్ కవచము చినిగి చక్రముతో చుట్టుకొని బంపరులో ఇరికెను. బంపరు వంగి చక్రములో ఇరికెను. రథము గట్టునకు అడ్డముగా, ముందునకు రాక, వెనుకకు పోక, కీలూడిన బొమ్మవలె నిలిచిపోయెను. ట్రాక్టరు ఆవల నిలిచెను. లారీ ఈవల నిలిచెను. తన చేపలకు తన బండియే అడ్డము!

“రాజుగారూ, ఐసు కరిగిపోతుందండీ,” అనెను లారీ డ్రైవరు, మొదటి అరగంటకు. రెండవ అరగంటకు అతడు లారీ క్రింద చేరుచున్న నీటిమడుగును చూపుచు నిలుచుండెను.

చేపలు పట్టి యిండ్లకు పోవుచున్న కూలీస్త్రీలు వచ్చి బండిని పట్టి ఊపి చూచిరి. అది కదలలేదు. వారిలో పెద్దదగు దానమ్మ గోతిలో దిగి, మోకాటిలోతు బురదలో కూర్చుండి, ఇరికిన ప్లాస్టిక్కును చేపలకత్తితో కోయనారంభించెను. కోయుచునే తలయెత్తి, అమాయకముగా అడిగెను:

“ఇంత పెద్ద చక్రాలు గదండీ, బురదలో దిగవాండీ ఇవి?”

“దిగుతాయమ్మా,” అనెను అబ్బాయిరాజు. “తిరగవు. అంతే.”

ఆ రెండు గంటల కాలము అతనికి చేయుటకు పనిలేదు. సీటులో కూర్చుండిన సిగ్గు. దిగి నిలుచుండిన ఎండ. దిగి నిలుచుండెను. గట్టునకు అవతలి ప్రక్క అతని పోయిన ఐదు చెరువులు ఉండెడివి. ఏడాదిగా ఆ త్రోవన పోవునప్పుడెల్ల అద్దములెత్తి, చూపు రోడ్డుమీదనే నిలిపి పోవుచుండెను. నేడు చూడక తప్పలేదు. తెగిన గట్ల మొదళ్లు అక్కడక్కడ నీటిలో కనబడుచుండెను. వానిపై కొంగలు నిలిచియుండెను. మిగిలినది నీరు.

“ఐదు పోయాయి దానమ్మా మనవి,” అనెను, ఏడాది తరువాత తొలిసారిగా, ఎవరితోనైనను.

“అవునండీ,” అనెను దానమ్మ, కత్తి ఆపకయే. “ఆ ఐదింటి మీద మా పద్దెనిమిది మందికి కూలుండేదండీ. మాకూ పోయిందండీ.”

వీరుడు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గోతిలో దిగి, ఆమె కోయుచున్న కవచపు కొనను రెండుచేతుల పట్టి లాగెను. చక్రము విడివడెను. లారీ వెడలెను; కాని అడుగుబుట్టల చేపలు మెత్తబడి ఎండుచేపల వారి పాలయ్యెను. ఇంటికి వచ్చిన భర్త బురదకాళ్లను చూచి సువర్ణ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెను. ఆతడు భోజనము చేయుచు, అన్నము కలుపుట ఆపి, గట్టుమీది సంగతి మొదటినుండి చెప్పెను. చెరువుల సంగతియు చెప్పెను. ఆమె మజ్జిగ వంచుచు వినెను.

మరునాడు దేవకుమారి దుకాణము ముందు వంగిన బంపరుతో రథము నిలిచెను.

“ముప్పై వెయ్యండమ్మా,” అనెను వీరుడు. “రిమ్ములు పాతవే.”

“నేను చెప్పలేదా” అను మాటకు ఆమెకు సంపూర్ణాధికారము కలదు. ఆమె అనలేదు. సుద్దముక్క తెప్పించి, కొత్త చక్రముల అంచుల చుట్టును తెల్లగా పూసి, బండిలో మనుష్యులను ఎక్కించెను: సువర్ణను, వేడుక చూడవచ్చిన వీరరాఘవమ్మను, ప్రక్క కొట్టువారి కొబ్బరికాయల బస్తాలు మూడింటిని. “ఎక్కడ రాసుకుంటే అక్కడ సుద్ద అంటుతుందండీ. అబద్ధం చెప్పదు,” అనెను. ఏసోబు సారథ్యము వహించి, స్టీరింగు పూర్తిగా ఎడమకు త్రిప్పి స్పీడు బ్రేకరెక్కించెను. కుడికి త్రిప్పి ఎక్కించెను. దిగి చూడగా కవచమున ఒకచోట తెల్లని గీత! దేవకుమారి అంతమేరకు వేడికత్తితో కోసెను. మరల సుద్ద పూసిరి, మరల ఎక్కించిరి, మరల త్రిప్పిరి. ఏసోబు చక్రకుహరములో టార్చిలైటు వేసి చూచి, ఆ దినమున తన మొదటి మాట పలికెను:

“అంటలేదండీ.”

చక్రమునకు బంపరునకు నడుమ దేవకుమారి తన చిటికెనవ్రేలు దూర్చి చూపెను. దూరెను. అబ్బాయిరాజు తన వ్రేలు దూర్చెను. అతని వ్రేలు లావు. అయినను, కొంత చర్మము వెనుకబడినను, దూరెను. అతని కన్నులు చెమర్చెను. అంతలో అతనికి మహాసంకటమొకటి తోచెను: ధ్వని పుట్టినప్పుడు జగమెల్ల వినెను, పుట్టనిదానిని ఎవరు విందురు? తటాలున సెల్‌ఫోను తీసి బావమరిదికి కలిపెను.

“గోపీ! ఎక్కడున్నావ్?”

“మిల్లు దగ్గరేనండీ బావగారూ, బండి లోపలికి తిప్పుతున్నా. చెప్పండి.”

“ఇది విను,” అని ఫోనును చక్రము చెంత పట్టెను. ఏసోబు స్టీరింగును కొసనుండి కొసకు త్రిప్పెను. వీధి యంతయు ఊపిరి బిగబట్టెను.

“ఏం వినపడట్లేదండీ. సిగ్నల్ లేదేమో.”

“అదేనయ్యా! ఆ వినపడకపోవటమే వినమంటున్నాను!”

ఫోనులో ఒక్క క్షణము నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దమును చీల్చుకొని, తాడేపల్లిగూడెము రైసుమిల్లు గేటునుండి, ఏలూరు వీధిలోని నరనారీజనులెల్ల వినునట్లుగా, స్పష్టముగా, దీర్ఘముగా వెడలెను: గర్ర్‌ర్‌ర్!

“ఏంటి గోపీ అది?”

“అబ్బే, ఏం లేదండీ... వెనకాల బియ్యం బస్తా జరిగినట్టుందండీ.”

దేవకుమారి దూరమునుండియే, “ముందు ఎడమ చక్రం,” అనెను.

వినుడు, సప్తద్వీపవాసులారా! ఉప్పుటేరు నుండి గోదావరి దాక, ఆకివీడు ఐసుఫ్యాక్టరీల నుండి గూడెము ఉల్లిగోదాముల దాక, చాటుడు ఈ వార్త! పోయిన చెరువులు పోయినవే. కరిగిన ఐసు నీరయ్యెను. ముప్పై ఒకటి ముప్పైయయ్యెను. అయినను రబ్బరునకు ఇనుమునకు నడుమ, ఒక ఆడుదాని చిటికెనవ్రేలంత వెడల్పున, పొడవు కొలువ నక్కరలేని ఒక శూన్యప్రదేశమును, సకలబంధుసమేతుడై, కొబ్బరిబస్తాల సాక్షిగా, శ్రీమాన్ అబ్బాయిరాజు జయించెను! జయము! నిశ్శబ్ద జయము!