టేపన్న డోలు పట్టిన ప్రకారంబు

ముందుగా సూదికి నమస్కారం. లోకానికంతటికీ బట్టలు కుట్టి, తాను మాత్రం ఏనాడూ ఏదీ తొడుక్కోని ఆ నిరాడంబరమూర్తి ఈ కథను తిన్నగా నడిపించుగాక. పిమ్మట దారానికి నమస్కారం. సమాసం మధ్యలో అది తెగకుండుగాక, తెగినా వినేవారు చూసీచూడనట్టు ఊరుకుందురుగాక.

అనంతకాలచక్రపరిభ్రమణంలో ఒకానొక బుధవారంనాడు, సాయంకాలం ఐదుంపావు వేళ, బస్సుహారన్ల భేరీభాంకారాలతో దద్దరిల్లుతున్న ఒక వీధిలో, మందులషాపుకూ తాళాలు బాగుచేసే కొట్టుకూ నడుమ ఊపిరి బిగబట్టి నిలిచిన పదడుగుల దర్జీకొట్టు అనే దుర్గంలో, గుడ్డముక్కల పర్వతశ్రేణుల మధ్య ఆసీనుడై, కాలరుస్థాపనాచార్యుడు, జేబునిర్మాణధురంధరుడు, కత్తెరాయుధపాణి, మెడలోని కొలత టేపును నిద్రలో సైతం తీయనివాడగుటచే వీధివారందరిచేత టేపన్న అని పిలువబడేవాడు, తన ముప్ఫయ్యో పుట్టినరోజుకు ఇక ఎనిమిది రోజులే ఉన్నవని గోడమీది క్యాలెండరులో చూసి, చేతిలోని చొక్కా కింద పెట్టి నిట్టూర్చెను.

ఆ నిట్టూర్పుకు కారణం సరిగ్గా అతని నెత్తిమీద ఉంది. పై అంతస్తులో, చెక్కనేల పరచిన పెద్ద గదిలో, బుధ శనివారాల్లో యువ జానపద బృందం పాటలు సాధన చేసేది. ప్రదర్శనలకు వారు వేసుకునే ఎర్రంచు చొక్కాలన్నీ తొమ్మిదేళ్లుగా కుడుతున్నది టేపన్నే. అతని కొలతల పుస్తకంలో ఆ బృందానికి ఒక పేజీ ఉంది, తొమ్మిది మందికి తొమ్మిది వరుసలు. పైన డోలు మోగితే కింద అతని కాలు తనంతట తాను మిషన్ తొక్కేది. పడవ పాట ఎక్కడ మందగిస్తుందో, ఎక్కడ ఊపందుకుంటుందో అతని మడమకు కంఠతా వచ్చు. అయినా ఒక్కనాడూ మేడెక్కి నేనూ వస్తానని అడగలేదు. ముందు ఈ ఆర్డరు కానీ అనుకున్నాడు, తరువాత ఆ ఆర్డరు కానీ అనుకున్నాడు. ఆర్డర్లు అవలేదు గాని ఏళ్లు అయిపోయాయి.

బృందానికి ఒక శిలాశాసనం ఉంది. ముప్ఫై నిండినవారిని చేర్చుకోరు. ముప్ఫై నిండిన రోజున ఎంతటి మహారథి అయినా డోలు అప్పగించి మెట్లు దిగవలసిందే. ఆ వారమే రెండో డోలు వాయించే మనిషికి ముప్ఫై నిండాయి. మెట్లగోడకు కాగితం అతికించారు: డోలుకు మనిషి కావాలి.

"ఏంట్రా, చొక్కా కింద పెట్టేశావ్?" అంది ఎదురుగా కూర్చుని కాజాలు కుడుతున్న అక్క.

టేపన్నకు ఒక జబ్బుంది. సిగ్గేసినప్పుడల్లా గ్రాంథికం ముంచుకొస్తుంది. వెంటనే లేచి, స్కేలుబద్దను గదలా భుజాన మోపి గర్జించాడు.

"ఓ సహోదరీ! వినుము! నా యౌవనవస్త్రము కాలరులకు కొంతయు, జేబులకు కొంతయు కత్తిరింపబడి, ఇక శేషించినది ఎనిమిది దినముల పేలిక మాత్రమే! ఈ పేలికతోనైనను ఒక జెండా కుట్టి ఎగురవేయక, వీధిపిల్లలచేత బాబాయి యనిపించుకొనుటకు నేను సిద్ధముగా లేను! ఎక్కెదను మేడ! పట్టెదను డోలు!"

"ఇప్పుడే బాబాయ్ అంటున్నారు కదరా," అంది అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ. "వెళ్తే వెళ్లు. మెడలో ఆ టేపైనా తీసి వెళ్లు."

టేపు తీయడం మరిచిపోయాడు. పదిహేడు మెట్లు. పదోమెట్టు దగ్గర మోకాలు యువతకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. దాని మాట వినకుండా తక్కిన ఏడూ ఎక్కేశాడు.

గదిలో బృందనాయకురాలు డోలు తాళ్లు బిగిస్తోంది. ఆమె పగలు ఆస్పత్రిలో నర్సు, సాయంత్రం ఇక్కడ మొదటి డోలు, వయసు ఇరవై నాలుగు. తక్కిన వారు ఆమె చుట్టూ కూర్చున్నారు.

"రా అన్నా, కొలతలకా? లేకపోతే మా వార్డు కర్టెన్లు అయిపోయాయా?"

"రెండూ కాదమ్మా. చేరదామని."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, అందరికన్నా ముందు తానే నవ్వేసి దిగిపోయేవాడు. నాయకురాలు మారుమాట లేకుండా రెండో డోలు తెచ్చి అతని ముందు పెట్టింది. ఇక పారిపోవడానికి దారి లేకపోయింది.

పడవ పాటలో డోలే తెడ్డు. అది ఆగితే పడవ ఆగుతుంది. పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు! టేపన్న హస్తద్వయం నుండి వెలువడిన ధ్వనిపరంపర కిటికీ అద్దాలను కంపింపజేస్తూ, గోడమీది బల్లిని స్థానభ్రష్టురాలిని చేస్తూ, పాడేవారి కళ్లలో ఆశ్చర్యాన్ని రగిలిస్తూ పదమూడు, పద్నాలుగు, పదిహేను దాటి పదహారో దెబ్బను చేరింది. అక్కడ రెండు చేతులూ టక్కున ఆగాయి. తల ఎడమపక్కకు వంగింది. పళ్లు గాలిని కొరికాయి.

పడవ మునిగింది. ఎనిమిది గొంతులూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ పదహారు దగ్గర మునిగింది. మూడోసారీ అంతే.

"అన్నా, నీ చెయ్యి బాగుంది," అంది నాయకురాలు. "తాళం కూడా గట్టిగా ఉంది. కానీ మధ్యలో ఆగి ఏంటి కొరుకుతున్నావ్?"

"నేనా? కొరికానా?"

"మూడుసార్లు. సర్లే, శనివారం ఇంకోసారి రా. అప్పుడూ ఆగిపోతే మాత్రం నేనేం చెయ్యలేను, వేరేవాళ్లని చూసుకోవాలి."

ఎక్కినవి పదిహేడు మెట్లే, దిగినవి మాత్రం నూట డెబ్బై అనిపించాయి. మర్నాడు పొద్దున్నే, "ఈ చేతులు డోలుకు పనికిరావక్కా, పదహారో దెబ్బకల్లా ఆగిపోయి గాలి కొరుకుతున్నానట, ఈ మనిషే దేనికీ పనికిరాడు," అన్నాడు. గ్రాంథికం కూడా రానంతగా కుంగిపోయి ఉన్నాడు. అక్క కాజాలు పక్కన పెట్టింది. తమ్ముడు కాలరు కుడుతుంటే చూస్తూ కూర్చుంది. జానెడు కుట్టాడు, ఆగాడు, తల వంచి దారం కొరికాడు. మూల తిప్పాడు. జానెడు కుట్టాడు, ఆగాడు, కొరికాడు.

"ఆగు. ఇప్పుడేం చేశావ్?"

"దారం కొరికా."

"పైన చేసిందీ అదే! తొమ్మిదేళ్లుగా ఆ పాట వింటూ నువ్వు కుట్టినవన్నీ కాలర్లూ జేబులే కదరా. జానెడు కుట్టడం, కొరకడం. నీ కాళ్లకీ చేతులకీ పాటంతా వచ్చేసింది, పళ్లకే రాలేదు."

టేపన్న నోరు తెరిచి, పళ్లను నాలుకతో ఒకసారి తడుముకున్నాడు. శత్రువు ఇంట్లోనే ఉన్నాడని తెలిసిన రాజులా నిర్ఘాంతపోయాడు.

"మరేం చెయ్యమంటావ్?"

"ఆ నర్సమ్మ కర్టెన్లు నెల్నుంచి మూల పడున్నాయి, విసుగని ముట్టుకోలేదు నువ్వు. ఒక్కో అంచు ఆరు మీటర్లు. అవి కుట్టు. మధ్యలో కొరికావో, నీ మూతికి ప్లాస్టర్ వేస్తా."

అలా ఆరంభమైంది కర్టెన్లపర్వం. గురు, శుక్రవారాలు రెండు రోజులు, పద్నాలుగు ఆస్పత్రి కర్టెన్లు, ఆకుపచ్చ సముద్రంలా కొట్టునిండా పొంగి వీధిలోకి పారగా, ఆ దర్జీకులతిలకుడు మూలలు లేని, మలుపులు లేని, మజిలీలు లేని మహాకుట్టును తొక్కుతూ పోయాడు. మొదటి అంచులో పళ్లు ఏడుసార్లు తిరుగుబాటు చేశాయి. ఐదో కర్టెన్‌కు రెండుసార్లు. ఆఖరిదానికి పెదవి మాత్రం ఒకసారి వణికి ఊరుకుంది. అక్క ప్లాస్టర్ చుట్ట బల్లమీద కనిపించేలా పెట్టుకుని కూర్చుంది.

శనివారం వచ్చింది. ఆ యుద్ధాన్ని ఒకే వాక్యంలో చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆగితే పడవ మునుగుతుంది. నాయకురాలు తల ఊపగానే డోలుమీద పడిన టేపన్న మొదటి పదహారు దెబ్బల అంచుకు చేరి, దంతసైన్యం ఆయుధాలు పైకెత్తడం గమనించి, కళ్లు మూసుకుని, ఎదుట ఆకుపచ్చ కర్టెన్ పరుచుకోగా, ఇది కాలరు కాదు, ఇది జేబు కాదు, ఇంకా అంచు ఉంది, ఇంకా ఉంది అని మనసులో జపిస్తూ పదిహేడు దాటి, ముప్ఫై రెండు దాటి, ముక్కుకొసన దురద అనే మాయావి ప్రత్యక్షమైనా లెక్కచేయక, నలభై ఎనిమిది దాటి, ఎనిమిది గొంతులూ ఒక్క గొంతై తెడ్డు వేయగా, పడవ ఒడ్డుకు తగిలి, పాట ముగిసి, అందరూ ఆగి, ఊపిరి పీల్చుకుని, ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నా తానొక్కడూ వాయిస్తూనే ఉన్నాడు.

"అన్నా," అంది నాయకురాలు. "పాట అయిపోయింది."

"అంచు ఇంకా కాస్త ఉందమ్మా," అన్నాడు టేపన్న కళ్లు తెరవకుండానే. మరో ఎనిమిది దెబ్బలు వేసి, ఆగి, తల ఎడమపక్కకు వంచి, తృప్తిగా దారం కొరికాడు.

ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వులో తానూ ఉన్నానని అతనికి తెలిసింది.

నాయకురాలు కాగితం తీసి పుట్టిన తేదీ రాయించుకుంది. వేళ్లమీద లెక్కపెట్టింది. ఆమె మొహం కొంచెం వాడింది.

"గురువారానికి ముప్ఫై నిండుతాయి కదన్నా. అంటే నీకు మిగిలింది బుధవారం ఒక్కటే. ప్రదర్శన కూడా లేదు, ఊరికే సాధన. పర్లేదా?"

"ఒక్కటి చాలమ్మా," అన్నాడు. గ్రాంథికం రాలేదు. కళ్లు మాత్రం తడిశాయి.

"అయితే చొక్కా లేకుండా ఎలా?" అంటూ ఆమె అతని మెడలోంచి టేపు లాగింది. "ఇటు తిరుగు."

మూడు వీధుల జనం ఛాతీలు కొలిచిన ఆ మనిషిని అంతవరకు ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. తన చొక్కాలు తానే పాత చొక్కా చూసి కత్తిరించుకునేవాడు. టేపు చుట్టగానే పొట్ట లోపలికి లాక్కున్నాడు. అలా లాక్కునే ప్రతివాణ్ణీ చూసి లోలోపల నవ్వుకున్నవాడే.

"ఊపిరి వదులన్నా," అంది నర్సు, రోజూ వంద మందికి చెప్పే గొంతుతో.

వదిలాడు. ఆమె భుజం నుంచి మణికట్టుదాకా టేపు లాగి, అతని జేబులోంచి కొలతల పుస్తకం తీసి తెరిచి, తొమ్మిది వరుసల కింద పదో వరుస రాసింది: చెయ్యి, ఇరవై అయిదు. అది తప్పు. అతని చెయ్యి ఇరవై నాలుగు. టేపు వదులుగా పట్టుకుందని భుజంమీది చర్మానికే తెలిసింది. జీవితంలో ఏనాడూ ఒకరి కొలత నమ్మని టేపన్న ఆ ఒక్కసారి నోరు మెదపలేదు.

బుధవారం ఎర్రంచు చొక్కా వేసుకుని మేడెక్కాడు. గంటన్నరసేపు ఆ గదిలో తొమ్మిది మందిలో ఒకడిగా, ఒక్క తెడ్డూ తప్పకుండా వాయించాడు. గురువారం ఉదయం డోలు అప్పగించి, పదిహేడు మెట్లూ దిగి, మిషన్ ముందు కూర్చున్నాడు. చొక్కా మాత్రం విప్పలేదు. చొక్కా గురించి శాసనంలో ఏమీ లేదు.

"ఆ చేతులు పొడుగైపోయాయిరా," అంది అక్క. "ఇటివ్వు, ఓ అంగుళం మడిచి కుట్టేస్తా."

"వద్దక్కా. కొలత ప్రకారమే కుట్టాను."

కావున దిక్కులారా, దిక్పాలకులారా, మందులషాపువారలారా, తాళాలకొట్టువారలారా, వినుడు! ముప్ఫయ్యేళ్ల కాలపురుషుడితో తలపడిన మన దర్జీవీరుడు ఒక బుధవారం జయించినాడు. అంతేకాదు, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి, ఎవ్వరూ మడవజాలని రెండంగుళాలు కూడా జయించినాడు!