మందు కుదరలేదండీ!

తుపాకిమందును నలభై రకాలుగా చేసి, ప్రతి రకానికీ ఒక అంకె తగిలించి, ఏది మంచిదో మాత్రం ఎవరికీ చెప్పకుండా వదిలేసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు మా ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టాలి. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. చందాల జాబితాలో మొదటి పేరు నాదే రాసుకోండి.

మందు అంటే ఇంకేదో అనుకుని ఆశగా చదవడం మొదలుపెట్టినవారు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను చెబుతున్నది తూటాలో పోసే మందు సంగతి. అమెరికాలోని మా మోంటానా రాష్ట్రంలో వెయ్యి గజాల గురిపందేలు ఆడేవాళ్లం కొట్లో దొరికే తయారు తూటాలు ముట్టుకోం. మడి కట్టుకున్నవాళ్లు హోటల్ కూడు తింటారా? కాల్చిన ఇత్తడి తొడుగును శుభ్రం చేసి, అందులో మందు తూచి పోసి, మూతిలో గుండు బిగించి, ఎవరి తూటా వాళ్లే వండుకుంటాం.

ఇందులో ఇత్తడి దగ్గర పేచీ లేదు. గుండు దగ్గరా పెద్దగా లేదు. పేచీ అంతా మందు దగ్గరే. నిదానంగా మండేదా, తొందరగా మండేదా? పుల్లముక్కల్లా ఉండేదా, గసగసాల్లా ఉండేదా? ఎండకు రెచ్చిపోయేదా, చలికి మందగించేదా?

మనిషికి ఇంతకన్నా మంచి కాలక్షేపం దేవుడైనా ఇచ్చాడా?

నా సంగతే చూడండి. నా పేరు ఆర్డెన్. మా డ్రై ఫోర్క్ ఊళ్లో గోధుమ గిడ్డంగి దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు లారీలు తూచి రిటైరయ్యాను. రిటైరైన మగవాడు ఇంట్లో ఏం చేస్తాడు? భార్యకు వంట ఎలా చెయ్యాలో చెబుతాడు. ఆ పాపానికి నేను ఒడిగట్టలేదు. గరాజులో కూర్చుని మందు తూస్తాను. లారీలో అర బస్తా అటూ ఇటూ అయినా చూసీ చూడనట్టు ఊరుకున్న నేనే, ఇప్పుడు ఒక్క పలుకు మందు ఎక్కువైతే పట్టకారుతో తీసి పక్కన పెడుతున్నాను. మా కాపురం నిలబడింది ఆ పట్టకారు కొసమీదే!

అసలు కథ నిరుడు ఆగస్టులో మొదలైంది. రాష్ట్రపోటీల్లో మొదటి నలుగురినీ జట్టులోకి తీసుకుంటారు. నేను ఐదోవాణ్ని. అంతకు ముందేడూ ఐదోవాణ్నే. మొదటి స్థానం వెర్నా టాలెఫ్సన్‌ది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బడిలో పిల్లలకు వండిపెట్టి రిటైరైంది. అరవై రెండేళ్ల నన్ను కూడా "అబ్బాయ్" అంటుంది.

మామూలు మనిషైతే తనకు ఐదో స్థానమే ఎందుకొచ్చిందా అని నిద్ర మానుకుని ఆలోచిస్తాడు. నాకా బాధ లేదు. బోర్డు ముందు నిలబడే తేల్చేశాను. మందు కుదరలేదు!

"మీరు ఏ మందు వాడతారు?" అని వెర్నాను అడిగాను.

"పదహారేళ్ల కిందట రాస్కో కొట్లో నా రైఫిల్‌కి పనికొచ్చేది ఒకటుంటే తీసుకున్నాన్రా అబ్బాయ్. కుదిరింది. మళ్లీ మార్చలేదు."

చూశారా అజ్ఞానం! పదహారేళ్లుగా ఒకే మందు! మనిషన్నాక కాస్త ఎదుగుదల ఉండొద్దూ?

రాస్కోది మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క తుపాకుల కొట్టు. నేను వెళ్లేసరికి మందు పెట్టే అర ఖాళీగా ఉంది. "మనిషికి ఒక్క డబ్బా మాత్రమే" అని బోర్డు ఉంది. డబ్బాలు లేవు గానీ బోర్డు ఉంది. దేశమంతటా మందుకు కరువట. ఈ కరువును కూడా నేను తిట్టను. కరువే లేకపోతే గురువారం పొద్దున్నే సరుకు లారీ కోసం పదిహేనుమందిమి మంచులో వరసకట్టి, ఒకరి క్షేమం ఒకరు కనుక్కునేవాళ్లమా?

వరసలో నా ముందు డెల్మర్ నిలబడ్డాడు. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైనవాడు, నా చిన్ననాటి స్నేహితుడు.

"ఏ రకం వస్తోందిరా?" అన్నాను.

"తెలీదు."

"నీ రైఫిల్‌కి పనికొస్తుందా?"

"ఏ రకమో తెలీదంటుంటే పనికొస్తుందా అంటావేంట్రా? ముందు కొందాం. పనికిరాకపోతే అప్పుడు తీరిగ్గా ఏడుద్దాం."

ఎంత తాత్వికత! ఇలాంటి మాటలు గుడిలోనో చర్చిలోనో వినాలి గానీ తుపాకుల కొట్టు ముందు వినే భాగ్యం ఎంతమందికి కలుగుతుంది?

చలికాలం ముదిరేసరికి నా దగ్గర పదకొండు డబ్బాలు చేరాయి. ఐదు నా రైఫిల్‌కు పనికొచ్చేవి. ఐదు పనికిరానివి. పదకొండోది దేనికి పనికొస్తుందో పుస్తకంలో వెతికి, ఆ రైఫిల్ కొన్నాను. కళ్లెం దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు ఉందని మీకనిపిస్తే, మీ ఇంట్లో కళ్లెం లేదన్నమాట.

ఇక పనికొచ్చే ఐదింటిలో ఏది? కంప్యూటర్లో మాలాంటివాళ్ల సభ ఒకటుంది. అక్కడ అడిగాను. నూట పన్నెండుమంది నూట పదమూడు జవాబులిచ్చారు. ఒకాయన మధ్యలో మనసు మార్చుకున్నాడు. ఇద్దరు ఒకళ్ల తాతల్ని ఒకళ్లు తిట్టుకున్నారు. నాకు చాలా మేలు జరిగింది. ముందు ఐదింటి మధ్య తేల్చుకోలేకపోయేవాణ్ని, ఇప్పుడు తొమ్మిదింటి మధ్య తేల్చుకోలేకపోయాను.

అందుకని స్వయంగా పరీక్షించాలని నిర్ణయించుకున్నాను. ఒక్కో మందు, ఒక్కో మందులో పదేసి తూకాలు, ఒక్కో తూకానికి ఐదేసి తూటాలు. వారానికి నాలుగు రోజులు వంద గజాల దగ్గర కాల్చడం, వేగం కొలిచే యంత్రంలో అంకె చూడడం, నోటుబుక్కులో రాసుకోవడం. వెయ్యి గజాల మైదానానికి వెళ్లడానికి తీరికేదీ? మందు చలికి ఎలా ఉంటుందో చూడాలిగా. తూటాలు ఫ్రిజ్‌లో పెట్టాను.

"ఆర్డెన్, వెన్నేదీ?" అని వంటింట్లోంచి మా ఆవిడ లోర్నా కేకేసింది.

"తూటాల వెనకుంది చూడు."

"ఏ తూటాల వెనక? పై అరలోవా, గుడ్ల పక్కనున్నవా?"

"గుడ్ల పక్కనున్నవి కదపకు! అవి మూడో మందువి!"

కాసేపటికి రెండు రంగుల కాగితాలు పట్టుకుని గరాజు గుమ్మంలోకి వచ్చింది. వంటింటి గోడలకు లేత పసుపు వెయ్యాలా, లేత ఆకుపచ్చ వెయ్యాలా అంది. ఏదైనా ఫరవాలేదన్నాను.

"నల్లటి పొడుల్లో తేడా కనిపిస్తుంది గానీ, పసుపుకీ పచ్చకీ తేడా కనిపించదా నీకు?"

నిజమే మరి! ఎంచుకునే ఓపిక ఒక మనిషికి దేవుడు కొలిచి ఇస్తాడు. అంతా గోడలమీద పోసుకుంటే తూటాలోకి ఏం మిగుల్తుంది?

ఈలోగా డెల్మర్‌తో మాటలు పోయాయి. వాడిది పుల్లముక్కల పక్షం. నేను అప్పటికి గసగసాల పక్షంలో ఉన్నాను. ఒకరోజు కాఫీ దగ్గర మాటా మాటా పెరిగింది. ఊళ్లో మతం మార్చుకున్నవాడిని కూడా పలకరిస్తారు గానీ, మేమిద్దరం ఆరువారాలు ఎదురుపడితే పేవ్‌మెంటు మారిపోయాం. ఆ తరవాత నేనూ పుల్లముక్కల్లోకి మారాను. వాడికి ఫోన్ చేసి చెప్పాను. "ఆలస్యమైందిరా, నేను గసగసాల్లోకి వచ్చేశా" అన్నాడు. అయినా రాజీపడ్డాం.

చివరికి మే నెలలో నా మందు దొరికింది! వంద గజాల దూరంలో ఐదు గుళ్లు ఒకే చిల్లులోంచి దూసుకుపోయాయి. ఆ కాగితాన్ని కొత్తగా పుట్టిన మనవణ్ని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో ఇంటికి తెచ్చి లోర్నాకు చూపించాను.

"పాపం, ఐదు కాలిస్తే ఒకటే తగిలిందా?" అంది.

సరిగ్గా రెండువారాలు గడిచాయి. అదే మందు, అదే తూకం. గుళ్లు మాత్రం కోళ్లను తరిమినట్టు తలో దిక్కూ పోవడం మొదలుపెట్టాయి. డబ్బా మూత సరిగ్గా పెట్టలేదనుకున్నాను. లోర్నా ఫ్రిజ్ మాటిమాటికీ తెరవడం వల్ల అనుకున్నాను. ఆ అనుకున్నది పైకి అనేశాను కూడా. ఆ రోజు రాత్రి భోజనం గురించి రాయను.

పక్క ఊళ్లో తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. రైఫిల్ గొట్టంలోకి సన్నటి కెమెరా దూర్చి తెర నావైపు తిప్పాడు. వేసవిలో ఎండిన మడుగు అడుగు చూశారా? అలా పగుళ్లు!

"ఎన్ని కాల్చారు?"

నోటుబుక్కు తీశాను. "రెండువేల నూట నలభై."

"పోటీల్లోనా?"

"పోటీల్లో అరవై."

"మరి మిగతావి?"

"మందు ఎంచుకోవడానికి."

ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. "అన్ని కాలిస్తే ఆ వేడికి గొట్టం అయిపోయిందండీ. కొత్తది వెయ్యాలంటే నాలుగు నెలలు. ఇంకో సంగతి, ఏమీ అనుకోకండి. కొత్త గొట్టానికి ఈ మందు నచ్చుతుందని లేదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలే అనుకోండి. నలభై రకాల్లోంచి మళ్లీ మొదటినుంచి ఎంచుకునే భాగ్యం ఎవరికి దక్కుతుంది?

కాకపోతే పోటీలు ఆగస్టులో. గొట్టం అక్టోబరులో. ఈ ఏడూ జట్టు లేదు, ఏమీ లేదు అనుకుని గరాజులో కూర్చున్నాను. తూచడానికి కూడా చెయ్యి రాలేదు. అప్పుడు వెర్నా ఫోన్ చేసింది.

"విన్నాన్రా అబ్బాయ్. నా రైఫిల్ తీసుకో. నేను మొదటి విడతలో కాల్చేస్తాను, నువ్వు రెండో విడతలో కాల్చు. తూటాలు కూడా నావే. దాని కొలతకి చేసినవి."

"ఆ... మందుతోనా?" అన్నాను.

"కాదు, పంచదారతో. వస్తావా, రావా?"

లోర్నా ఫోన్ లాక్కుని "వస్తాడు" అని చెప్పేసింది.

పోటీ రోజున ఎండ బాగా కాసింది. వెర్నా చాపమీద తాపీగా బోర్లా పడుకుని, ఇరవై గుళ్లు కాల్చి, రెండువందలకు నూట తొంభై ఆరు కొట్టింది. లేచి మోకాళ్లు దులుపుకుని రైఫిల్ నా చేతికిచ్చింది. అదే చాప, అదే రైఫిల్, అదే డబ్బాలోని తూటాలు. నా మొదటి గుండు నడిబొడ్డున తగిలింది. ఆహా అనుకున్నాను. రెండోది ఏడు. మూడోది ఆరు. అటు సరిచేస్తే ఇటు, ఇటు సరిచేస్తే అటు. ఇరవై అయ్యేసరికి నూట అరవై ఎనిమిది. ఇరవై ఆరుమందిలో ఇరవై ఒకటో స్థానం.

బోర్డు ముందు డెల్మర్ నా పక్కన నిలబడ్డాడు. "ఏమైందిరా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. "మం..." అన్నాను. వెర్నా రెండడుగుల దూరంలో చాప చుట్టుకుంటోంది. బోర్డు మీద పైన నూట తొంభై ఆరు. మందు అనడానికి లేదు. గొట్టం అనడానికి లేదు. ఇత్తడి, గుండు, ఎండ, ఏదీ అనడానికి లేదు. పాఠకులారా, నా ఇరవై రెండేళ్ల గురిపందేల జీవితంలో తప్పు మొయ్యడానికి నేను తప్ప మరొకరు దొరకని రోజు అదొక్కటే. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

"నాకు చేతకాలేదురా," అన్నాను.

డెల్మర్ బోర్డు మీద తన పేరు వెతుక్కున్నాడు. వాడిది పద్దెనిమిదో స్థానం.

"నాకూ అంతేరా. గుండును పక్కకు తోసే ఆ గాలి నాకు అర్థమే కాదు. ఎప్పుడూ కాలేదు. నీకు తెలుసనుకుని నిన్ను అడగడానికి సిగ్గేసింది."

"నీకు తెలుసనుకుని నేనూ..." అన్నాను.

ఆ మధ్యాహ్నం ట్రక్కు వెనక కూర్చుని ఇద్దరం శాండ్‌విచ్‌లు తిన్నాం. మందు ఊసే రాలేదు. మా స్నేహంలో అంత ఇబ్బందికరమైన భోజనం ఇంకోటి లేదు. అంత హాయిగా తిన్న భోజనమూ ఇంకోటి లేదని ఒప్పుకోవాలి.

వెళ్లబోతూ వెర్నా మా దగ్గర ఆగింది. "మంగళవారం పొద్దున్నే ఇద్దరూ మైదానానికి రండి. రైఫిళ్లు తేవద్దు. కుర్చీలు తెచ్చుకోండి."

వెళ్లాం. మూడు మడతకుర్చీలు, ఒక ఫ్లాస్కు కాఫీ. కాల్చడం లేదు, తూచడం లేదు, రాసుకోవడం లేదు.

"గాలి ఎటుందిరా అబ్బాయ్?" అంది వెర్నా.

పక్కనున్న జెండా చూసి, "ఎడమ నుంచి కుడికి," అన్నాను.

"ఆ జెండా మన పక్కనుంది. గుండు వెళ్లేది వెయ్యి గజాలు. మధ్యలో చూడు."

దూరదర్శినిలోంచి చూశాను. ఆరువందల గజాల దగ్గర నేల కాస్త దిగుతుంది. ఆ పల్లంలో గడ్డి కుడి నుంచి ఎడమకు వాలిపోయి ఊగుతోంది. జెండాకు పూర్తిగా వ్యతిరేకంగా!

డెల్మర్ కూడా చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇదెప్పట్నుంచీ ఇలా ఉంది?"

"కొండ పుట్టినప్పట్నుంచీ," అని వెర్నా కాఫీ పోసుకుంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వెళుతున్నాం. అక్టోబరులో నా రైఫిల్‌కు కొత్త గొట్టం వచ్చింది. ఉన్న డబ్బాల్లో దానికి సరిపడేది ఒకటి తీసి, పుస్తకం చూసి, ఒక్క పూటలో తూకం తేల్చేశాను. ఆ ఆదివారం డెల్మర్‌తో సరదా పందెంలో నూట ఎనభై నాలుగు వచ్చింది.

ఇక్కడే నా ఫిర్యాదు, పాఠకులారా. ఆ గడ్డి ఇరవై రెండేళ్లుగా నా కళ్లముందే ఊగుతోంది. దానికి డబ్బా లేదు. దానిమీద అంకె లేదు. దానికోసం మంచులో ఎవరూ వరసకట్టరు, దాన్ని తిడుతూ పొగుడుతూ ఎవరూ తాతలదాకా పోరు. ఎవడైనా ఊరికే కూర్చుని ఊరికే చూడొచ్చు.

అలాంటిదాన్ని బుద్ధున్న మనిషెవడైనా ఎలా నమ్ముతాడు, మీరే చెప్పండి!