రెండు కిటికీల మధ్య ఖలఫ్ మామ కాలు

వలస కూలీకి న్యాయం దొరకదనే నిందను జనం ఇకనైనా మానుకోవాలని మనవి. మా జోర్డాన్ లోయలో న్యాయం ఆదివారం నుంచి గురువారం దాకా, పొద్దున ఎనిమిది మొదలు మధ్యాహ్నం రెండింటి వరకు, 'వ్యవసాయ శ్రామిక శ్రేయోనిలయం' అనే పసుపు భవనంలో దొరుకుతూనే ఉంది. (నమాజు వేళ, టీ వేళ, కంప్యూటర్ మొరాయించిన వేళ మినహాయింపు. ఇవి పోను మిగిలిందంతా న్యాయమే.) దొరకనిది దానికి అర్హుడైన కూలీ. అలాంటివాడు ఒక్కడు కనబడితే చాలు, చేతిలో పెట్టి పంపేద్దామని ఆ నిలయం వాళ్ళు ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నారు. మా ఖలఫ్ మామ ఆ అర్హతకు ఎంత దగ్గరదాకా వెళ్ళొచ్చాడో చెబుతాను.

మామదీ నాదీ ఈజిప్టులో సొహాగ్ వైపు ఒకే ఊరు. ఇద్దరమూ వ్యవసాయ అనుమతి మీద వచ్చినవాళ్ళమే. ఈ అనుమతి చాలా చక్కటి ఏర్పాటు. కాగితం ఒక యజమాని పేరు మీద ఉంటుంది, చాకిరీ ఇంకో యజమాని దగ్గర ఉంటుంది. కాగితం ప్రకారం మా గదిలో వాళ్ళమంతా హజ్జా నౌఫా అనే ముసలావిడ తోటలో పనిచేస్తున్నాం. ఆవిడ తోటంటే మూడు మేకలు, పగిలిన నీళ్ళ తొట్టి, ఓ వరస మోకాలెత్తు ఖర్జూరపు పిలకలు. కాగితం రాయించినందుకు ఏడాదికోసారి ఆవిడకు ఇంత అని ఇచ్చుకుంటాం. మొగుడు పోయాక ఆవిడకు పండే పంట మేమే. నిజంగా మేం చెమటోడ్చేది అబూ గాలిబ్ గారి తోటలో. అక్కడ చెట్లు నాలుగు నిలువుల ఎత్తు. ఈ సంగతి లోయలో అందరికీ తెలుసు. శ్రేయోనిలయానికి కూడా తెలుసు, మధ్యాహ్నం రెండు దాటాక.

పూతకు మగ పుప్పొడి దులిపే రోజుల్లో, నిచ్చెన మెట్టు ఊడి, ఖలఫ్ మామ చెట్టు మీంచి పడ్డాడు. కుడి కాలి ఎముక రెండుగా విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, కానీ తనకు నచ్చిన దిక్కుగా అతుక్కుంది. అమ్మాన్‌లో పెద్ద డాక్టరు చూసి, మళ్ళీ విరగ్గొట్టి లోపల ఇనుప కడ్డీ వేస్తే కాలు కాలులా ఉంటుందనీ, లేకపోతే జన్మంతా ఈ కుంటినడకేననీ చెప్పాడు. ఖర్చెంతో విన్నాక మామ ఊతకర్ర అందుకుని లేచి వచ్చేశాడు. ఆ ఖర్చు పరిహార నిధి నుంచి రాబట్టవచ్చని ఎవరో చెప్పారు. (ఆ నిధి మా అనుమతి రుసుములోంచి ఏటా కోసుకున్నదే. మనది మనకు ఇవ్వడానికి వాళ్ళకెందుకంత కష్టమని అడిగేవాళ్ళకు పరిపాలన అంటే తెలియదు.)

అంతకుముందు, మామ ఇంకా కట్టుతో మంచం మీద ఉన్నప్పుడే, అబూ గాలిబ్ గారు రెండో రకం ఖర్జూరాల పెట్టెతో ఆస్పత్రికి పరామర్శకు వచ్చారు.

"నా తోటలో ఎవరూ పడలేదు, ఖలఫ్," అన్నారు మంచం అంచున కూర్చుని, ఎంతో ప్రేమగా. "అసలు నా తోటలో ఈజిప్టు వాళ్ళే లేరు."

"లేం కదా, అయ్యగారూ," అన్నాడు మామ. "మరి ఈ పళ్ళు ఎవరికి తెచ్చినట్టు?"

"దానధర్మం కింద తెచ్చాను. దారిన పోయేవాళ్ళకి."

"దారిన పోవడానికి కాలు ఏదీ?"

పక్క మంచం అతను పకపకా నవ్వాడు. అబూ గాలిబ్ గారు కూడా నవ్వారు. వారిది మంచి మనసు, నవ్వడానికి ఎప్పుడూ వెనకాడరు.

శ్రేయోనిలయం ఒకటో కిటికీలో నాయిల్ గారుంటారు. మర్యాదస్తుడు. ఎవరినీ కసరడు. మామను కుర్చీలో కూర్చోబెట్టి, అర్జీ కాగితం తీసి, కలం తెరిచారు.

"ఎక్కడ పడ్డావు నాయనా?"

"అబూ గాలిబ్ గారి..."

"ఆగాగు." కలం మూసేశారు. "అక్కడ పడ్డావంటే కాగితంలో లేని చోట పనిచేశావన్నమాట. అది నేరం. నేరం ముందు, అర్జీ తర్వాత. ముందు నిన్ను అకబా రేవుకు తీసుకెళ్ళి మీ దేశం పడవ ఎక్కించాలి. ఆ తర్వాత నీ అర్జీ పిలుస్తారు. అర్జీదారు స్వయంగా హాజరు కావాలి. సముద్రం మధ్యలోంచి ఎలా హాజరవుతావు చెప్పు? తొందరేం లేదు, బాగా ఆలోచించుకో. ఎక్కడ పడ్డావు?"

మామ ఆలోచించాడు. "మీరెక్కడ పడమంటే అక్కడ, సారూ."

"హజ్జా నౌఫా తోటలో," అని నాయిల్ గారు చక్కటి చేతిరాతతో రాసుకున్నారు.

సరే, హజ్జా నౌఫా తోటలో పడితే ఆ చోటు చూడాలి కదా. 'ప్రమాదస్థల నిర్ధారణ ఉపసంఘం' అని ముగ్గురు పెద్దమనుషులు ఒక కారులో, ఒక కొలత టేపుతో దిగారు. హజ్జా వాళ్ళకు పుదీనా ఆకు వేసిన టీ పోసింది. టీ అయ్యాక తోటలోకెల్లా పొడుగు చెట్టును కొలిచారు. అది ఉపసంఘాధ్యక్షుడి మోకాలి దాకా వచ్చింది.

"హజ్జా, నాలుగు నిలువుల ఎత్తు నుంచి పడ్డానంటున్నాడు ఇతను."

"అవును బాబూ. నా కళ్ళతో చూశా. దబ్బున పడ్డాడు, పాపం."

"ఇందులోంచా?"

"అప్పుడు ఎత్తుగానే ఉండేది. ఇతగాడు పడ్డాక నాకు భయమేసి పొట్టిగా కొట్టించా."

"తల కొట్టేస్తే ఖర్జూరం బతుకుతుందా, హజ్జా?"

"బతికించేది దేవుడు. నాకు నమ్మకముంది. నీకు లేదా?"

ముగ్గురూ టేపు చుట్టేశారు. నమ్మకాల విషయంలో ఉపసంఘం జోక్యం చేసుకోరాదని నిబంధన ఉన్నదట. నివేదికలో ఇలా రాశారు: 'చెట్టు కలదు. కూలీ కలడు. విరిగిన కాలు కలదు. కావున ప్రమాదము జరుగుటకు వలసిన సామగ్రి అంతయు ఆ స్థలమున లభ్యము.'

ఆ వేళ మా గదిలో ఫూల్ అనే మా ఊరి చిక్కుడు గింజల కూర వండుకుని, రెట్టింపు పంచదారతో నల్లటి టీ కాచుకుని పండగ చేసుకున్నాం. మామ ఊళ్ళో పెళ్ళానికి ఫోను చేసి, కడ్డీ వేయించుకుని వస్తున్నానన్నాడు. ఆవిడ, "కడ్డీ కాలికి వేయించుకో, నీ తలకి ఇప్పటికే ఉంది," అంది. అందరం విన్నాం.

ఇక ఒక్క చిన్న విషయం మిగిలింది. విచారణ రోజున అర్జీదారు అనుమతి చెల్లుబాటులో ఉండాలి. మామ అనుమతి అంతకు ముందు రోజే ముగుస్తుంది. దాన్ని పొడిగించాలంటే 'వ్యవసాయ పనికి తగిన దేహదారుఢ్యం' ఉన్నట్టు డాక్టరు రాసివ్వాలి. అంటే కాలు పాడైందని రుజువు చేయడానికి, ముందురోజు కాలు బాగుందని రుజువు చేయాలి.

"రెండూ ఒకదానికొకటి అడ్డం కదా, సారూ?" అని నేను అడిగాను.

"అడ్డమేముంది?" నాయిల్ గారు ఓపికగా వివరించారు. "దారుఢ్యం మూడో కిటికీ. వైకల్యం నాలుగో కిటికీ. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు."

ఆ మాట మాకు ధైర్యమిచ్చింది. చెప్పులో పాత టైరు రబ్బరు మడతపెట్టి మామ మడమ ఎత్తు చేశాం. మంచాల మధ్య సందులో తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా నడిపించాం.

"మామా, భుజం ఎగరేయకు. గడ్డిమోపు మోసే గాడిదలా ఊగుతున్నావ్."

"ఊగేది నేను కాదురా, గది."

"పళ్ళు కొరకొద్దు. నవ్వు మొహం పెట్టు."

"నవ్వుతూ నడిస్తే పిచ్చోడనుకుంటారు. పిచ్చికి ఎన్నో కిటికీరా?"

పరీక్ష రోజున మూడో కిటికీ గదిలో హిజాజీ అనే డాక్టరు ఉన్నాడు. మంచివాడు. తలుపు నుంచి బల్ల దాకా నడవమన్నాడు. మామ నడిచాడు. మెడ వెనక చెమట కారిపోతోంది కానీ, నడక మాత్రం పెళ్ళికొడుకు నడకే. డాక్టరు సంతకానికి కలం తీశాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ ఆయన ఊరికే, మాట వరసకు అడిగాడు: "చేతిలో ఆ కర్ర ఎందుకయ్యా?"

ఈ ప్రశ్నకు లోకంలో వంద జవాబులున్నాయి. కుక్కలకనవచ్చు, మేకలకనవచ్చు. కానీ వెనక వరసలో ముప్పైమంది వింటూ ఉండగా, కర్ర పట్టుకున్న సొహాగ్ మగాణ్ణి ఆ మాట అడగరాదు.

"కర్రసాముకి, డాక్టరు గారూ," అన్నాడు మామ ఛాతీ విరిచి. "కర్ర లేకపోతే మా ఊళ్ళో మగాడి లెక్కలో వేయరు."

"ఏదీ, ఓసారి చూపించు."

తలుపు దగ్గర్నుంచి మేం కళ్ళతో, చేతులతో, చివరికి దగ్గుతో కూడా వద్దన్నాం. కర్ర లేచింది. తల చుట్టూ తిరిగింది, నడుం చుట్టూ తిరిగింది, ఎడమ కాలి మీద బొంగరంలా మామే తిరిగాడు. వరసలో వాళ్ళు దరువేశారు. నాయిల్ గారు ఒకటో కిటికీ వదిలేసి వచ్చి చప్పట్లు కొట్టారు. కుడికాలు నేల తాకినప్పుడు మామ మొహం బూడిదైపోవడం మాకు మాత్రమే కనబడింది. డాక్టరు ముచ్చటపడి, అచ్చు కాగితంలో చోటు చాలక పక్కన తన చేత్తో రాశాడు: 'దృఢకాయుడు. కర్రసామున నేర్పరి. చెట్లెక్కుటకు మిక్కిలి అనువు.'

బయటికొచ్చాక గోడకానుకుని కూలబడ్డాడు.

"ఎందుకు మామా? ఎందుకు?"

"అడిగాడు కదరా."

"అడిగితే?"

"కర్ర చేతిలో పెట్టుకుని, నలుగురి ముందర, నడవడానికి పట్టుకున్నానని ఎట్లా చెప్పనురా?"

మర్నాడు నాలుగో కిటికీ. వెళ్ళి చూస్తే అది అదే గదికి రెండో పక్క. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చున్న హిజాజీ డాక్టరు కాలితో ఓ తోపు తోసుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు వచ్చాడు. మామను చూడగానే మొహం విప్పారింది.

"అరే, కర్రసాము పెద్దాయన! ఇక్కడేం పని?"

"కాలు, డాక్టరు గారూ. కుంటిది."

"నిన్న బాగుంది కదయ్యా."

"నిన్న అనుమతి కోసం బాగుంది."

డాక్టరు కిందికి వంగి, పొడుగు జుబ్బా అంచు పైకి జరిపి, ఆ వంకర ఎముక మీద చెయ్యి వేసి చూశాడు. చెప్పులోంచి టైరు రబ్బరు తీసి, తిప్పి చూసి, మళ్ళీ అందులోనే పెట్టాడు.

"చూడు ఖలఫ్," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు కుంటివాడివని ఇవాళ రాస్తే నిన్నటి సంతకం తప్పవుతుంది. అది తప్పయితే నీ అనుమతి రద్దు. అనుమతి లేనివాడి అర్జీ చెల్లదు. రాయమంటావా, మానేయమంటావా? నువ్వే చెప్పు."

"రాస్తే నాకు కాలొస్తుందా?"

"రాదు. పడవొస్తుంది."

"అయితే మానేయండి. ఇంట్లో అయిదుగురున్నారు." వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "మీరేం మనసులో పెట్టుకోకండి," అని ఆయన్నే ఓదార్చాడు.

తీర్పు రావడానికి ఆలస్యం చేయలేదు. ప్రమాదం జరిగినట్టు, అర్జీలు తేల్చే పరిహార సంఘం పూర్తిగా నమ్మింది. కాలు విరిగినట్టూ నమ్మింది. అయితే ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం ప్రకారం అర్జీదారు మునుపటికంటే మెరుగైన స్థితిలో ఉన్నందున నష్టమంటూ ఏదీ లేదనీ, ఇంత త్వరగా కోలుకున్నందుకు సంఘం తన హర్షాన్ని తెలియజేస్తున్నదనీ రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ముద్ర చాలా స్పష్టంగా పడింది.

ఆ పత్రం నకలు అబూ గాలిబ్ గారికీ చేరింది. అప్పటిదాకా మామ వారి రేకుల షెడ్డులో కూర్చుని నిరుటి కాయలు ఏరేవాడు. "చెట్లెక్కడానికి మిక్కిలి అనువని సర్కారే రాసిచ్చాక, నిన్ను నీడన కూర్చోబెట్టడం నాకు పాపం," అన్నారు ఆయన.

ఇప్పుడు గెలలకు వలసంచులు కడుతున్నాం. ఒక్కో గెలకు ఒక్కో సంచి. కాయ రాలి కిందపడితే దెబ్బతింటుంది, ధర రాదు. మామ తన చెట్టు తను ఎక్కుతున్నాడు, ఎడమ కాలితో మెట్టు పట్టి, కుడికాలిని చేత్తో పైకి లాక్కుంటూ. ఆ చెట్టు కింద నేనూ ఇంకొకడూ కంబళి చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. అబూ గాలిబ్ గారు అటుగా వచ్చి చూసి, నవ్వి వెళ్ళిపోయారు. సాయంత్రం మేస్త్రీని అడిగితే తెలిసింది: ఆ పూటకు మా ఇద్దరికీ గైరుహాజరు వేయించారు.